స్వధర్మే నిధనం శ్రేయః: నిధనమా, నిదానమా?

అందరికీ నమస్కారం. ఒక కార్డు ప్రింటుకి వెళ్ళేలోపు ఒక మాట గురించి మీ అభిప్రాయం కావాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మా తాతయ్య పోయారు. 81 ఏళ్ళు. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, 1963లో, మద్రాస్ రెజిమెంట్‌లో చేరారు. 71 యుద్ధం చూశారు, 15 ఏళ్ళ సర్వీసు అయ్యాక 1978లో పెన్షన్ మీద ఇంటికొచ్చేశారు, ఇక అప్పట్నుంచీ ఊరూ పొలమూ నానమ్మే లోకం. పెద్దకర్మ కార్డు మీద ఆయన ఫొటో కింద రెజిమెంట్ వాక్యం వేయిద్దామని నేనే అన్నాను. స్వధర్మే నిధనం శ్రేయః. మద్రాస్ రెజిమెంట్ వాళ్ళ నినాదం ఇదే, గీత మూడో అధ్యాయంలో 35వ శ్లోకం నుంచి తీసుకున్నారు. నిన్న ప్రెస్ అబ్బాయి వాట్సాప్‌లో ప్రూఫు పంపితే అందులో "స్వధర్మే నిదానం శ్రేయః" అని ఉంది.

ఆ అబ్బాయిని ఏమీ అనలేను, ఎందుకంటే చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. తాతయ్య గదిలో గోడమీద ఒక గ్రూప్ ఫొటో ఉండేది, నాలుగు వరసల్లో యూనిఫాం వాళ్ళు, కింద నాగరి లిపిలో ఈ వాక్యం. ఆరో తరగతిలో హిందీ అక్షరాలు వచ్చిన కొత్తలో కూడబలుక్కుని చదివి, నిదానం అంటే మనకు తెలిసిందే కదా, నిదానమే ప్రధానం లాంటిది అయ్యుంటుంది అనుకున్నాను. "అంతేనా తాతయ్యా?" అని అడిగితే ఆయన కాసేపు ఆగి, "మన పని మనం సరిగ్గా చేసుకుంటూ పోవాలి అని రా" అన్నారు. చావు అన్న మాట నా దగ్గర ఎత్తనే లేదు. స్వధర్మంలో ఉండగా వచ్చే చావు మేలు అన్న అసలు అర్థం డిగ్రీలో ఉండగా తెలిసింది. తెలిసాక కూడా ఆయన్ని మళ్ళీ అడగలేదు.

మాట సంగతికొస్తే, ఇక్కడ మూడు మాటలు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి. నిధనం అంటే మరణం. అమరకోశంలో చావుకి ఉన్న పేర్ల వరస "మృత్యుర్మరణం నిధనోఽస్త్రియామ్" దగ్గరకొచ్చి ఆగుతుంది. హిందీ వార్తల్లో ఎవరైనా పోతే ఇప్పటికీ నిధన్ అనే అంటారు, తెలుగులో మాత్రం మనం కన్నుమూశారు, పరమపదించారు అంటాం, అందుకే ఆ మాట మన చెవికి అలవాటు లేదు. నిధానం, ఒత్తు ధ తో, అంటే దాచిన సొత్తు, నిధి. నిదానం, ఒత్తు లేకుండా, సంస్కృతంలో మూలకారణం. రోగనిదానం అంటామే, అది. తెలుగులోకొచ్చాక అది నెమ్మది అయి కూర్చుంది. నిదానించి చూడు అంటే పట్టిపట్టి చూడు అని కదా, కారణం వెతికే చూపు అలా మెల్లగా చూడటం అయ్యి, చివరికి మెల్లగా అన్న అర్థమే మిగిలిందేమో అని నాకనిపిస్తుంది. ఈ దారి సరైనదేనా అన్నది తెలిసినవాళ్ళు చెప్పాలి.

అసలు సమస్య స్పెల్లింగు కాదు. ఇంట్లో ఇద్దరు ఈ వాక్యమే వద్దంటున్నారు. కార్డు మీద చావు అన్న మాటేమిటి అని అత్త, నాన్న యుద్ధంలో పోలేదు కదా, మంచంమీద పోయారు, మనకు మనమే వీరమరణం అన్నట్టు రాసుకోవడం బాగుండదని చిన్నాన్న. మాజీ సైనికుడు అని వేస్తే చాలదా అంటారాయన. మాజీ అరబ్బీ మాట, గడిచిపోయిన అని అర్థం, తప్పేం లేదు, కానీ ఆయన ఏ రోజూ మాజీలా బతకలేదు. పొద్దున్నే నాలుగున్నరకి లేచి, దుప్పటి అంచుకి అంచు కలిపి మడతపెట్టేవారు. ఏటా నవంబరు మొదటి వారంలో లైఫ్ సర్టిఫికెట్‌కి బ్యాంకుకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. బతికే ఉన్నానని చెప్పడానికి అంత తయారా అని నానమ్మ అనేది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం వేరే. నానమ్మకి కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగాక జడ వేసుకోవడం కుదిరేది కాదు. రోజూ కాఫీ అయ్యాక వీధి అరుగుమీద ఆవిడ కింది మెట్టు మీద, ఈయన పై మెట్టు మీద. కొబ్బరినూనె అరచేతిలో వేసుకుని, పాపిడి తీసి, మూడు పాయలు సమానంగా వచ్చాయో లేదో చూసుకుని, రాకపోతే విప్పి మళ్ళీ మొదలు. రైఫిలు గొట్టంలో గుడ్డపీలిక లాగి లాగి, కన్ను పెట్టి వెలుతురుకేసి చూసుకునేవాళ్ళమని చెప్పేవారు, ఆ చూపే ఇదీ. దారిన పోయేవాళ్ళు నవ్వినా పట్టించుకునేవారు కాదు. పదకొండేళ్ళు అలా వేశారు, పోయిన రోజుకి ముందు రోజు కూడా.

---

కామెంట్లన్నీ చదివాను, అందరికీ ధన్యవాదాలు. యుద్ధంలో పోతేనే ఈ వాక్యం వర్తిస్తుందా అని ముగ్గురు అడిగారు కాబట్టి నాకు తోచింది చెబుతాను, తప్పయితే సరిదిద్దండి.

స్వధర్మే అన్నది సప్తమీ విభక్తి. స్వధర్మం కోసం చావమని కాదు, స్వధర్మంలో ఉండగా వచ్చే చావు మేలని. యుద్ధంలో చంపబడటం గురించి చెప్పాలనుకున్నప్పుడు కృష్ణుడు సూటిగానే చెప్పాడు, రెండో అధ్యాయంలో "హతో వా ప్రాప్స్యసి స్వర్గం" అని. అక్కడ హతుడు, ఇక్కడ నిధనం. చంపేవాడు ఈ మాటలో లేడు, ముగింపు ఒక్కటే ఉంది. పైగా శ్లోకం మొదటి సగం "శ్రేయాన్ స్వధర్మో విగుణః" అని మొదలవుతుంది, లోటుపాట్లున్నా సరే మన పని మనదే అని. పద్దెనిమిదో అధ్యాయంలో మళ్ళీ ఇదే సగం వస్తుంది, అక్కడ రెండో సగంలో చావు ఊసే లేదు, స్వభావానికి తగ్గ పని చేస్తే పాపం అంటదు అని ఉంటుంది. అందుకని ఇది చావు గురించిన వాక్యం కంటే చివరిదాకా చేసే పని గురించిన వాక్యమే అని నా నమ్మకం. యుద్ధంలో ఏం చేశావు తాతయ్యా అని ఎన్నిసార్లు అడిగినా "ఇచ్చిన పని చేశాం" అనేవారు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగప్పుడు చలికి పళ్ళు టకటకలాడిన సంగతి, కొండరైలు సంగతి ఎంతసేపైనా చెప్పేవారు గానీ, ఇది మాత్రం ఆ మూడు మాటలే.

ఒకరు అడిగిన "అడి కొల్లు" గురించి: అవును, వీర మద్రాసీ అడి కొల్లు అడి కొల్లు అన్నది మద్రాస్ రెజిమెంట్ వాళ్ళ రణనినాదమే. కొట్టు, చంపు అని. అది తెలుగు కాదు, తమిళం, మలయాళం వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. తెలుగువాళ్ళూ అదే అరిచేవారు. తాతయ్య తమిళం అక్కడే నేర్చుకున్నారు.

మధ్యాహ్నం ఈ వాదనంతా చిన్నాన్నకి చెప్పాను. ఆయనేమీ అనలేదు. అత్తే నానమ్మని అడిగింది. నానమ్మ జడ విప్పేసుకుని ఉంది, వారం నుంచీ ఎవర్నీ వేయనివ్వలేదు. "ఆ ఫొటో కింద ఏముంటే అదే వేయించండి, ఆయన రోజూ తుడుచుకున్నదదే" అంది.

ప్రెస్‌కి ఫోన్ చేసి ద కి ఒత్తు పెట్టించి, దీర్ఘం తీయించాను. కార్డులు రేపు సాయంత్రానికి వస్తాయన్నాడు.