వెన్ను ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు అలిపిరి మెట్లు ఎక్కవచ్చా?

కొర్లగుంట_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా అమ్మకు 56 ఏళ్లు. నడుము దగ్గర ఎల్4–ఎల్5 మధ్య పూస జారి, ఎడమ కాలు పాదం దాకా తిమ్మిరెక్కి, కాసేపు కూడా నిలబడలేని స్థితి వచ్చింది. నాలుగు నెలల కిందట ఫ్యూజన్ చేసి స్క్రూలు, రాడ్లు వేశారు. కాలి నొప్పి పోయింది. ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున నడుస్తోంది. ఆపరేషన్ బాగా జరిగితే అలిపిరి మెట్ల దారిన కొండకు వస్తానని మొక్కుకుందట, ఇప్పుడు పట్టుబట్టి కూర్చుంది. డాక్టరు గారు ‘ఆరో నెలలో ఎక్స్‌రే చూసి చెబుతాను, అప్పటిదాకా నడక మంచిదే’ అన్నారు. నడక మంచిదన్నారుగా అని అమ్మ, మెట్లు నడక కిందికి రావని నేను. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గోవిందా_నడక:
తమ్ముడూ, నిస్సంకోచంగా తీసుకెళ్లు. నాకూ డిస్కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు ప్రతి నెలా ఎక్కుతున్నాను. కష్టమంతా గాలిగోపురం దాకానే. అది దాటితే చాలా దూరం చదును దారి, జింకల పార్కు పక్కన నీడలో మాట్లాడుకుంటూ పోవచ్చు. ఆఖరున మోకాళ్ల పర్వతం ఒక్కటి నిలువుగా ఉంటుంది. ఆగి ఆగి ఎక్కితే 3,550 మెట్లు ఒక లెక్క కాదు. దిగేటప్పుడు మాత్రం బస్సులో దిగాలి. నడుముకు చేటు దిగడంలోనే ఉంది.

చంద్రగిరి_టీచరమ్మ:
గోవిందా_నడక గారూ, మీకు జరిగింది జారిన డిస్కు ముక్కను తీసే ఆపరేషన్. ఆమెకు జరిగిన ఫ్యూజన్ రెండు పూసలను కలిపి బిగించేది. స్క్రూలు పట్టి ఉంచేది కొంతకాలమే. మధ్యలో పెట్టిన ఎముక గట్టిపడి రెండు పూసలూ ఒకటయ్యేసరికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. మా వారికీ ఇదే చేశారు. వద్దు మొర్రో అంటున్నా స్కూటరు తీసి, కాళ్ల దగ్గర ఎరువు బస్తా పెట్టుకుని పొలానికి వెళ్లారు. స్క్రూ వదులైంది. మళ్లీ కోశారు. ఆ రెండోసారి ఖర్చుకు నా గాజులు పోయాయి. ఇంతకీ మీరు ఆపరేషన్ అయిన ఎన్నో నెలలో ఎక్కారు?

శేషాచలం:
వంకాయ, గోంగూర పెట్టకండి. ఎముక అతకదు.

పలమనేరు_ఫిజియో:
వంకాయకూ ఎముక అతుక్కోవడానికీ సంబంధం లేదు. పొగాకుకు ఉంది. బీడీ, సిగరెట్, నోట్లో దవడకు పెట్టుకునేది, ఏదైనా ఫ్యూజన్‌కు శత్రువే. అమ్మగారికి ఆకువక్కతో పాటు పొగాకు అలవాటు ఉందా?

కొర్లగుంట_కుర్రాడు:
లేదు సర్. ఉత్త ఆకువక్కే.

పుత్తూరు_మామిడి:
ఇంత దగ్గర మా ఊరు పెట్టుకుని ఇన్ని మాటలు ఎందుకు? పుత్తూరు కట్టు కట్టించి తైలం మర్దన చేయిస్తే సరిపోతుంది.

పలమనేరు_ఫిజియో:
పుత్తూరు కట్టు విరిగిన చేతులకూ కాళ్లకూ పేరుపడింది, కాదనను. లోపల స్క్రూలున్న వెన్నును మాత్రం ఎవరి చేతా తొక్కించవద్దు, నొక్కించవద్దు.

గోవిందా_నడక:
టీచరమ్మ గారూ, బస్తా మోసింది మీ వారు. మెట్లు ఎక్కేవాళ్లు బస్తా మోయరు. ఎక్కేటప్పుడు పని చేసేవి తొడలు, పిక్కలు. దిగేటప్పుడే ఒక్కో అడుగూ దబ్బున పడి వెన్నుకు తగులుతుంది. అందుకే బస్సు అన్నాను.

చంద్రగిరి_టీచరమ్మ:
బస్సట! దిగే బస్సులు వచ్చేది పాత ఘాట్ రోడ్డులో. 1944లో వేసిన దారి అది, మలుపు మీద మలుపు. వెనక సీటులో కూర్చున్నవాళ్లు ప్రతి మలుపుకూ ఇటు నుంచి అటు పడతారు. ఫ్యూజన్ అయిన మనిషికి మెలి తిరగడమే కదా వద్దంటారు?

గోవిందా_నడక:
ముందు సీటులో కూర్చోబెట్టండి. కడ్డీ పట్టుకుంటే ఎవరూ పడరు.

చంద్రగిరి_టీచరమ్మ:
రద్దీ రోజు ముందు సీటు ఎవరు ఆపి పెడతారు మీకు?

గోవిందా_నడక:
రద్దీ లేని రోజు వెళ్లమనండి.

శేషాచలం:
కొండ మీద రద్దీ లేని రోజా? అదెప్పుడో నాకూ చెప్పండి.

పలమనేరు_ఫిజియో:
ఇద్దరూ బస్సు దగ్గరే ఆగిపోయారు. మెట్ల కంటే నన్ను భయపెట్టేది క్యూ. కంపార్ట్‌మెంటులో గంటలకొద్దీ కూర్చోవాలి. వెన్ను డిస్కు మీద ఒత్తిడి నిలబడినప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఎక్కువ. అక్కడ అందరూ అలాగే కునుకు తీస్తారు. 65 దాటిన వారికి వేరే దర్శనం ఉంది, ఈవిడకు ఆ వయసు లేదు. ఇక మెట్ల సంగతి. వేగంగా నడిచినా కాలు లాగకపోతే, ఇంటి మేడ మెట్లు నొప్పి లేకుండా ఎక్కి దిగగలిగితే, ఎక్స్‌రే బాగుంటే, ఆరో నెల తరువాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే, 2,388 మెట్లే కదా అని అటు వెళ్లకండి, అందులో చదును తక్కువ. ఒక మాట అడుగుతాను. మొక్కు నడిచి రావడం ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా?

కొర్లగుంట_కుర్రాడు:
మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి వస్తానని మొక్కుకుంది.

చంద్రగిరి_టీచరమ్మ:
అయ్యో రామా! ఇంతసేపు మనం మాట్లాడుకున్నది దేని గురించి? 3,550 సార్లు వంగి లేవడమా? బాబూ, ఈ మాట మొదటే చెప్పకూడదా?

గోవిందా_నడక:
ఇది వేరే సంగతి తమ్ముడూ. అమ్మ ఉత్తగా నడవాలి, ఆమె పేరు మీద బొట్లు నువ్వు పెట్టు. స్వామి ఏమీ అనుకోడు.

కొర్లగుంట_కుర్రాడు:
నేనూ అదే చెప్పాను, ఒప్పుకోదు. అయినా వంగడం గురించి మీరంతా ఇంత కంగారు పడుతున్నారు గానీ, అమ్మ రెండో నెల నుంచి రోజూ వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెడుతూనే ఉంది. ఏమీ కాలేదు.

చంద్రగిరి_టీచరమ్మ:
ఆగండి. రెండో నెల నుంచా? ఎవరు చేయమన్నారు?

కొర్లగుంట_కుర్రాడు:
ఎవరూ చేయమనలేదు మేడం. తనే చేస్తుంది. వద్దన్నా వినదు.

చంద్రగిరి_టీచరమ్మ:
వద్దన్నాక చీపురు మీ చేతిలోకి వచ్చిందా, మళ్లీ ఆమె చేతిలోకే వెళ్లిందా? నీళ్లు ఎవరు పడుతున్నారు? ఉతికిన బట్టల బకెట్ మేడ మీదికి ఎవరు మోస్తున్నారు?

కొర్లగుంట_కుర్రాడు:
మెట్ల గురించి అడిగితే మా ఇంటి సంగతులు ఎందుకు తవ్వుతున్నారు? మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తాయి. నాది రాత్రి డ్యూటీ. నా భార్యకు చంటిబిడ్డ. ఆపరేషన్‌కు అప్పు తెచ్చింది నేను, ఆసుపత్రిలో పగలూ రాత్రీ కూర్చున్నది నేను. ఇప్పుడు దోషిని కూడా నేనేనా?

గోవిందా_నడక:
అబ్బాయిని వదిలేయండి టీచరమ్మ గారూ. మీలాంటివాళ్లు ‘వంగకు, లేవకు, కదలకు’ అని భయపెట్టే మనుషులను మంచానికి అంటించేస్తారు. ఎన్నో నెలలో ఎక్కానని అడిగారుగా, చెబుతాను. ఏడాది దాటాక! ఎందుకంటే అప్పటిదాకా మా ఇంట్లో నన్ను గుమ్మం దాటనివ్వలేదు. మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే. నడుము బెల్టు నిద్రలో కూడా తీయనివ్వలేదు. ఎడమ పిక్క సన్నబడిపోయింది. ఈలోగా నా కొట్టు మా తమ్ముడి చేతికి వెళ్లింది, ఇప్పటికీ నా చేతికి రాలేదు. నా కాళ్లు నాకు తిరిగి వచ్చింది ఆ మెట్ల మీదే. నడవనివ్వండి అని నేను అరిచేది అందుకు.

చంద్రగిరి_టీచరమ్మ:
అంటే ఏడాది తరువాత ఎక్కి, నాలుగో నెలలో ఉన్నావిడకు సలహా ఇచ్చారన్నమాట. మీ బాధ నాకు అర్థమవుతోంది, నిజంగానే. కానీ చూడండి, మీకు ఏడాదిపాటు మంచం దగ్గరికే నీళ్లు వచ్చాయి. ఈవిడ రెండో నెలలో వీధి కుళాయి దగ్గర నిలబడి నీళ్లు పట్టింది. ఇద్దరికీ కోసింది ఆ నడుము దగ్గరే.

పలమనేరు_ఫిజియో:
కోపాలు పక్కన పెట్టి నా రెండు మాటలు వినండి. గోవిందా_నడక గారు అన్నది సగం నిజం. పడుకోబెడితే వెన్నును పట్టి ఉంచే కండరాలు కరిగిపోతాయి, బెల్టు అదే పనిగా వాడితే అవి బద్ధకిస్తాయి. కదలాలి. కానీ ఏ కదలిక అన్నది ముఖ్యం. పొట్టి చీపురుతో నడుము విల్లులా వంచి ఒక పక్కకు తిప్పుతూ ఊడవడం ఫ్యూజన్ అయినవారికి అన్నిటికంటే చెడ్డ పని, అందులో వంగడం, మెలి తిరగడం రెండూ కలిశాయి. పది లీటర్ల బకెట్ నిండితే నీళ్ల బరువే పది కిలోలు. పొడవాటి కర్ర ఉన్న చీపురు కొనండి. కింద ఉన్నది తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్లు, తుంటి వంచి దిగాలి. మూత్రం రాకపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొర్లగుంట_కుర్రాడు:
మీ మాటలన్నీ అమ్మకు చదివి వినిపించాను. తను అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘వాకిట్లో వంగితే ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. స్వామి మెట్టు దగ్గర వంగుతానంటే మాత్రం అందరికీ నా నడుము గుర్తొచ్చిందా?’ దానికి ఏం జవాబు చెప్పాలో మీలో ఎవరైనా చెప్పండి.

శేషాచలం:
అమ్మగారికి నమస్కారం. నా వంకాయ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పుత్తూరు_మామిడి:
తైలం సంగతి ఒకసారి ఆలోచించండి.

కొర్లగుంట_కుర్రాడు:
పొడవు చీపురు తెచ్చాను. ముగ్గు స్టిక్కర్ కూడా తెచ్చి గడప ముందు అంటించాను. సాయంత్రానికి అది ఊడి అలమారలో కనిపించింది. ‘ప్లాస్టిక్ ముగ్గు ఉన్న ఇంటికి లక్ష్మి వస్తుందా?’ అంటోంది. నీళ్ల గురించి నా భార్య, నేను ఇంకా వాదించుకుంటున్నాం. ఎక్స్‌రే వచ్చే నెల.

చంద్రగిరి_టీచరమ్మ:
ఆ రోజు డాక్టరు గారిని మెట్ల గురించి ఒక్కటే అడిగి రాకండి. చీపురు, కల్లాపి, బకెట్, బిందె, అన్నీ పేరు పేరునా అడగండి. అడిగేది మీరు కాదు, అమ్మగారినే అడగనివ్వండి.

గోవిందా_నడక:
దిగే బస్సు గురించి కూడా అడగమనండి. ముందు సీటు అయితే పరవాలేదనే అంటారు, చూడండి.