పాటల జాబితాలో ‘గతి’ అంటే వేగమేనా?

ప్రశ్న: ఈ ఏడాది వచ్చిన కొత్త పాటల్లో నచ్చినవాటి జాబితా తెలుగులో తయారవుతోంది. హౌస్, ట్రాప్, జాజ్, రెగెటాన్, డ్రమ్ అండ్ బాస్ అన్నీ ఉన్నాయి. టెంపోకు ‘గతి’ అని రాయొచ్చా? ‘ద్రుతగతిన సాగే హౌస్ ట్రాక్’ అని ఒకచోట ఉంది.

వ్యాఖ్య: వచనంలో ‘ద్రుతగతిన’ తప్పేం కాదండీ. అయితే వేగం చెప్తున్నది ‘ద్రుత’, ‘గతి’ కాదు. గతి అంటే నడక. రగడలనే ఛందోరీతుల పేర్లే చూడండి: మధురగతి నాలుగేసి మాత్రల గణాలతో, ద్విరదగతి అయిదేసి మాత్రలతో, వృషభగతి మూడూ నాలుగూ కలిసిన ఏడేసి మాత్రలతో నడుస్తాయి. ఏనుగూ ఎద్దూ ఎంత తొందరగా నడుస్తాయని కాదు, అడుగు ఎలా పడుతుందన్నది అక్కడ లెక్క.

వ్యాఖ్య: సంగీతంలోనూ అంతే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంతో చెప్పేది కాలప్రమాణం. ఆ ఎడాన్ని ఎన్ని ముక్కలు చేశారో చెప్పేది గతి. చేత్తో తాళం వేస్తూ దెబ్బకొక ‘తకిట’ అనుకోండి. పాటతో కలిస్తే తిశ్రం. ‘తకధిమి’ కలిస్తే చతురశ్రం. హౌస్ నిమిషానికి 120–130 దెబ్బలు, డ్రమ్ అండ్ బాస్ 170–180. వేగంలో అంత తేడా ఉన్నా రెండూ ఎక్కువగా చతురశ్రమే. బ్లూస్ షఫుల్, జాజ్ స్వింగ్ మాత్రం తిశ్రం వైపు: ‘తకిట’లో నడిమి ‘కి’ మింగేసి ‘త–ట’ అంటే ఆ ఊగు వస్తుంది. స్వింగ్ వేగం పెరిగేకొద్దీ ఆ రెండు భాగాలూ సమానానికి దగ్గరవుతాయి, అందుకని జాజ్ అనగానే తిశ్రగతి అని రాసేయకండి.

వ్యాఖ్య: ఎక్కువ పొరపాటు జరిగేది రెగెటాన్ దగ్గర. 3+3+2 వినబడగానే తిశ్రం అనేస్తారు. కిక్ (అడుగున మోగే పెద్ద డ్రమ్) సమంగా పడుతూనే ఉంటుంది, రెండు దెబ్బలకు ఎనిమిది ముక్కలు, అంటే దెబ్బకు నాలుగే. గతి చతురశ్రం, మారింది ఊనిక పడే చోటు. వాల్ట్జ్‌లో మూడు అంటే ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) మూడు దెబ్బలని. అది తాళం సంగతి, దాన్నీ గతిలో కలపకూడదు.

ప్రశ్న: అదే ట్రాప్ పాటకు ఒక యాప్ 140 అంటోంది, ఇంకోటి 70. ఏది వేయాలి?

వ్యాఖ్య: 140గా లెక్కిస్తే స్నేర్ (చురుగ్గా ‘టప్’మనే డ్రమ్) ఆవర్తంలో మూడో దెబ్బ మీద ఒక్కసారే పడుతుంది కాబట్టి చెవికి 70 అనిపిస్తుంది. పైన హై-హ్యాట్ (జంట తాళాల లాంటి పళ్ళాలు) దట్టంగా దొర్లుతుంటే యాప్ రెట్టింపు పట్టుకుంటుంది. స్నేర్ దెబ్బలు 30 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి, చెవికి అందే వేగం వస్తుంది. స్నేర్ రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ పడే పాటలకూ ఇదే లెక్క. స్నేర్ మధ్యలో అదనంగా పడే చోట్లు మాత్రం వదిలేయాలి. జాబితాలో ‘70, హై-హ్యాట్ రెండో కాలంలో’ (అంటే రెట్టింపు వేగంలో) అని రాస్తే తాళం తెలిసినవారికి చప్పున అందుతుంది. హై-హ్యాట్ మధ్యమధ్య తకిటలోకి దూకితే అక్కడ ‘తిశ్రగతి’ నిక్షేపంగా వాడొచ్చు.

వ్యాఖ్య: హౌస్, జాజ్ లాంటి జానర్‌కు ‘బాణీ’ అని రాయొద్దండీ, అది పాటకు కట్టిన వరస. ‘శైలి’ చాలు. మీ ‘ద్రుతగతిన’ వాక్యం ఇలా మార్చుకోవచ్చు: ‘వేగమైన హౌస్ ట్రాక్, నిమిషానికి 128 దెబ్బలు, చతురశ్ర నడక.’