విప్లవం, కల్లోలం: రెండూ నీటి మాటలే

పాత నిఘంటువులలో ‘విప్లవం’ అన్న మాటకు ఉపద్రవం, కలత, నాశనం వంటి అర్థాలే కనిపిస్తున్నాయని, మేలు కోరి పోరాడినవారు అలాంటి మాటను ఎందుకు నెత్తికెత్తుకున్నారని, చక్కటి ‘క్రాంతి’ ఉండగా అది తెలుగులో ఎందుకు నిలదొక్కుకోలేదని ఒక మిత్రుడు అడిగారు. కొంత వ్యుత్పత్తి, కొంత నా చిన్ననాటి అనుభవం కలిపి జవాబు చెబుతాను. ఈ మాట విషయంలో ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకాదు.

మూలం ‘ప్లు’ ధాతువు. తేలడం, ఈదడం, గెంతడం దాని అర్థాలు. ప్లవం అంటే తెప్ప. మొన్న 2021లో వచ్చిన ప్లవ నామ సంవత్సరం పేరు ఇదే. గెంతుతుంది కనుక కోతి ప్లవంగం అయింది. ‘వి’ చేరినప్పుడు తేలవలసింది చెదిరిపోవడం, కొట్టుకుపోవడం అనే భావం వస్తుంది. సంస్కృతంలో రాజ్యవిప్లవమంటే రాజ్యం అల్లకల్లోలం కావడమే తప్ప కొత్త రాజ్యం రావడం కాదు. క్రాంతి దీనికి భిన్నమైనది. అది అడుగు వేయడం అనే అర్థమున్న ‘క్రమ్’ ధాతువు నుంచి వచ్చింది, సంక్రాంతికి తోబుట్టువు. హిందీ, మరాఠీ, కన్నడ భాషలు క్రాంతినే తీసుకున్నాయి. బెంగాలీ, ఒడియా, మలయాళం, తెలుగు విప్లవాన్ని తీసుకున్నాయి. మనవాళ్ళు క్రాంతిని పూర్తిగా వదులుకోలేదు, పిల్లలకు పేరుగా పెట్టుకున్నారు. అందులో కాంతి, సంక్రాంతి రెండూ వినిపిస్తాయి కాబట్టి ఏ రాజకీయమూ లేని ఇళ్ళలో కూడా ఆ పేరు చెల్లుతుంది. విప్లవ్ అని పేరు పెట్టిన ఇంటి గురించి మాత్రం వేరే చెప్పనక్కరలేదు.

నేను పుట్టి పెరిగింది అప్పటి కరీంనగర్ జిల్లా జగిత్యాల తాలూకాలోని ఒక పల్లె. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగిన నాటికి నాకు పదేళ్ళు. మా బడి గోడ మీద జాజుతో (ఎర్రమట్టితో) ‘దున్నేవారికే భూమి’, దాని కింద ‘విప్లవం వర్ధిల్లాలి’ అని రాసి ఉండేది. రాసినవారికి చోటు చాలక ‘వర్ధిల్లాలి’లోని చివరి ‘లి’ కిటికీ చెక్క మీదికి వచ్చింది. కిటికీ తెరిస్తే ‘వర్ధిల్లా’ అని, మూస్తే ‘వర్ధిల్లాలి’ అని చదువుకునేవాళ్ళం. అక్షరాలు కూడబలుక్కునే వయసులో ఆ గోడే మాకు రెండో వాచకం.

ఆ అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ‘కల్లోలిత ప్రాంతాలు’గా ప్రకటించింది. రేడియో వార్తలలో ఆ మాట విని, కల్లోలితం అంటే ఏమిటని తెలుగు సారును అడిగాను. కల్లోలమంటే పెద్ద అల అని, అలలు లేచిన నీటిలా కలతపడినదాన్ని కల్లోలితం అంటారని ఆయన చెప్పారు. మా ఊళ్ళో చెరువు తప్ప అలలెక్కడివని నవ్వుకున్నాం. చాలా ఏళ్ళ తరువాత విప్లవానికి వ్యుత్పత్తి చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమన్నది. గోడ మీద సంగపోళ్ళు (రైతుకూలీ సంఘం వాళ్ళు) రాసిన మాట, రేడియోలో సర్కారు చెప్పిన మాట రెండూ ఒకే నీటిలోంచి లేచినవి. పాత నిఘంటువు ప్రకారం చూస్తే అవి దాదాపు పర్యాయపదాలు. ఒకే కలతను ఒకరు రావాలని కోరి విప్లవమన్నారు, మరొకరు అణచాలని చూసి కల్లోలమన్నారు. కనుక మిత్రుడి ప్రశ్నకు నా మొదటి జవాబు ఇది: పాత అర్థం తెలియక ఈ మాటను ఎంచుకున్నారని నేననుకోను. ఉన్నది తలకిందులు కావడమే మేలని నమ్మినవారికి అడుగు ముందుకు వేసే క్రాంతి కన్నా కట్ట తెంచుకునే విప్లవమే సరిపోయింది. ఇది నా ఊహే, శాసనాధారం అడగవద్దు.

అయితే ఈ మాట ఒక పక్షానికే కట్టుబడి లేదు. పోచంపాడు కాలువ నీళ్ళు మా దిక్కుకు వస్తున్న ఆ రోజులలోనే గ్రామసేవక్ వచ్చి తెల్లహంస వడ్ల గురించి, యూరియా గురించి చెబుతూ ‘హరిత విప్లవం’ అన్నాడు. మా నాయనమ్మ శ్రద్ధగా విని, “గిదేం ఇప్లవం బిడ్డా, గోడ మీద రాసిందేనా?” అని అడిగింది. అతను ఉలిక్కిపడి అటూ ఇటూ చూసి, “కాదవ్వా, గిది సర్కారుది” అన్నాడు. ఆ జవాబులోనే అర్థశాస్త్రమంతా ఉన్నదని ఇప్పుడనిపిస్తుంది. గోడ మీది విప్లవం భూమి ఎవరిదని అడుగుతుంది. గ్రామసేవక్ విప్లవం, ఆ ప్రశ్న జోలికి పోకుండా, ఎకరానికి ఎన్ని బస్తాలని అడుగుతుంది. బడిలో పారిశ్రామిక విప్లవం, ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం ఒకే సోషలు పుస్తకంలో వరుసగా ఉండేవి, పరీక్షలో వాటికి మార్కులు కూడా సమానమే.

ఇక ‘సంస్కరణ’ సంగతి. హిందీలో సంస్కరణ్ అంటే పుస్తకం కూర్పు; ఇంగ్లీషు వారి ‘రిఫారం’కు వాళ్ళు సుధార్ అంటారు. మనకు మాత్రం వీరేశలింగం పంతులు 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన నాటి సంగతులు మొదలు సంఘసంస్కరణ అన్నదే అలవాటు. మా తరం చెవిన పడింది భూసంస్కరణ. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా రూపుదిద్దుకున్న 1973 నాటి భూపరిమితి చట్టం ఒక కుటుంబానికి తరి (నీరు పారే భూమి) అయితే నేలను బట్టి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు అని హద్దు గీసింది. ఊళ్ళో ఎవరూ భూసంస్కరణ అనలేదు, అందరూ ‘సీలింగు’ అన్నారు. దొర భూమి సీలింగులో పోయిందా, దొర పాలేర్ల పేరు మీదికి పోయిందా అన్నదే చర్చ.

1991లో అదే పి.వి. ప్రధానమంత్రి అయ్యారు. జులై మొదటి వారంలో రూపాయి విలువ తగ్గించారు, 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్టు పెట్టారు. పత్రికలు ‘సంస్కరణలు’ అన్నాయి. మొదట ముందర ‘ఆర్థిక’ అని ఉండేది; రెండు మూడేళ్ళకు అది కూడా రాలిపోయింది. విశేషణం లేకుండా సంస్కరణలంటే 1973లో భూమికి హద్దు గీయడం, 1993 నాటికి పెట్టుబడికి హద్దులు చెరపడం. మాటా మారలేదు, మనిషీ మారలేదు, అర్థం మాత్రం తిరగబడింది. ఆ బడ్జెట్టులో ఎరువుల ధర 40 శాతం పెంచి, గోల పుట్టాక 30కి తగ్గించారు. మా బాపు ఎరువుల దుకాణం నుంచి వచ్చి, “సంస్కరణ బస్తా మీదికి అచ్చింది” అన్నాడు. ఒకప్పుడు హరిత విప్లవం వచ్చిందీ ఆ బస్తాలోనే.

సంస్కృతార్థాన్ని బట్టి తెలుగులో విప్లవాన్ని మంచి అర్థంలో వాడడం తప్పని అన్నవారికి ఒక మాట. సాహసం అంటే సంస్కృతంలో ప్రధానంగా దౌర్జన్యం, తెగబడి చేసిన నేరం. మనం సాహసం చేసినవాడికి పతకం ఇస్తున్నాం. అర్థం ఎదుటి దిక్కుకూ జారుతుంది. రంప పితూరీ, మన్యం పితూరీ అన్నప్పుడు పితూరీ అంటే ఆయుధం పట్టిన తిరుగుబాటు. ఇప్పుడు పితూరీలు చెప్పడమంటే చాడీలు చెప్పడం. విప్లవం పైకి లేచిన కాలంలోనే పితూరీ కిందికి దిగిందన్నది నా గమనిక. ఒకదాని చోటు మరొకటి ఆక్రమించడం వల్లనే ఇలా జరిగిందా అన్నది తేల్చాలంటే పాత పత్రికలు తిరగేయాలి.

చదివేవారిలో మన్యం ప్రాంతం వారెవరైనా ఉంటే, అక్కడి పెద్దల నోట పితూరీకి తిరుగుబాటు అనే అర్థం ఇంకా వినిపిస్తున్నదేమో చెప్పగలరు. శ్రీకాకుళం వారిని అడగవలసింది మరొకటి ఉంది: రైతాంగ పోరాటం సాగిన 1970 ప్రాంతంలో మీ ఊళ్ళలో చదువురాని వారు విప్లవాన్ని ఏమని పలికేవారు, లేక మా నాయనమ్మలా ఆ మాటను గోడకే వదిలిపెట్టి మరేదైనా మాట వాడుకునేవారా?