సిలువ మీద చనిపోయింది దేవుడా, మనిషా? నాలుగో మాటకి నిలబడాలి, కాస్త చెప్పండి

గుంటూరు_కుర్రోడు

అందరికీ వందనాలు. మాది గుంటూరు దగ్గర లూథరన్ సంఘం, ఈసారి గుడ్ ఫ్రైడేకి యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోది నాకిచ్చారు అయ్యగారు. పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన, అందులో నాకు పదిహేను నిమిషాలు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి", చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే కదా లాగించేద్దాం అనుకున్నా. మొన్న ఆఫీసులో లంచ్ టైంలో ఈ విషయం చెప్తే మా టీంలో ఫ్రెండ్ ఒకడు (వైష్ణవుల కుటుంబం, బాగా చదువుకున్నోడు) ఒకటే అడిగాడు, మీ యేసు దేవుడైతే మళ్ళీ నా దేవా అని పిలిచింది ఎవర్ని, దేవుడే చచ్చిపోతే ఆ మూడు రోజులు లోకాన్ని నడిపింది ఎవరు అని. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను టక్కున "చచ్చిపోయింది మనిషి భాగమే రా, దేవుడి భాగానికి ఏం కాలేదు" అనేశా. వాడు సరే అని ఊరుకోకుండా "మరి ఒక మనిషి చచ్చిపోతే అందరి పాపాలు ఎట్లా పోతాయి రా" అన్నాడు. ఇక నా దగ్గర జవాబు లేదు, ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం యవ్వనస్తుల గ్రూపులో పెడితే ఒకన్న నువ్వు చెప్పింది తప్పు బోధ అన్నాడు, ఇంకో అక్క కాదు కరెక్టే దేవుడు ఎట్లా చస్తాడు అంది, ఇద్దరూ రాత్రి పదకొండింటి దాకా కొట్టుకున్నారు, నాకు మాత్రం ఏం తేలలేదు. అసలు ఏది రైటు?

కొలిమి_కబుర్లు

తమ్ముడూ, మీ ఫ్రెండ్ రెండో ప్రశ్న ఉందే, అసలు ప్రశ్న అదే. పదిహేను వందల ఏళ్ళ కిందట పెద్ద పెద్ద బిషప్పులు కొట్టుకుంది కూడా దాని మీదే కాబట్టి మీ గ్రూపు పదకొండింటి దాకా కొట్టుకోవడంలో వింతేం లేదు.

ముందు ఆ "భాగం" అనే మాట తీసేయ్. యేసు సగం దేవుడు సగం మనిషి కాదు. 451లో కల్సెదోనులో జరిగిన బిషప్పుల సభ (ఇప్పటి ఇస్తాంబుల్‌లో కాడికోయ్ అనే పేట అదే) తేల్చింది ఏంటంటే వ్యక్తి ఒక్కడే, స్వభావాలు రెండు, ఆ రెండూ కలిసిపోయి మూడోదేదో అవ్వలేదు, మారిపోలేదు, విడిపోలేదు, వేరుపడలేదు. నాలుగూ "లేదు"లే. ఎలా కలిశాయో వాళ్ళు చెప్పలేదు, ఎలా అనుకోకూడదో చెప్పి ఊరుకున్నారు. నాకైతే అదే తెలివైన పని అనిపిస్తుంది.

ఇప్పుడు చావు సంగతి. చనిపోయేది వ్యక్తి, స్వభావం కాదు. మా నాన్న పోయినప్పుడు "మా నాన్న శరీర భాగం చనిపోయింది" అని చుట్టాలకి ఫోన్ చెయ్యలేదు నేను, నాన్న పోయారు అన్నా. ఆయన ఆత్మ ఉందని నమ్ముతాం, అయినా పోయింది ఆయనే. అలాగే సిలువ మీద ఎవరు చనిపోయారు అంటే దేవుని కుమారుడు. దేనిలో చనిపోయాడు అంటే తను తీసుకున్న మానవ స్వభావంలో. ఈ రెండు ప్రశ్నల్ని కలిపేస్తేనే గొడవంతా. పౌలు కూడా "మహిమాస్వరూపియగు ప్రభువును సిలువ వేయక పోయియుందురు" అని కొరింథు వాళ్ళకి రాశాడు చూడు, మహిమాస్వరూపి అనేది దేవుడికి వాడే మాట, సిలువ వెయ్యడం ఒంటికి జరిగేది, రెండూ ఒకే వాక్యంలో ఒకే వ్యక్తి మీద పెట్టాడు.

మాది కమ్మరి ఇల్లు కాబట్టి నాకు బాగా నచ్చిన పోలిక ఒకటి చెప్తా, అయిదో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ చెప్పింది. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము ఉంటుంది, దాన్ని సుత్తితో కొడితే దెబ్బ ఇనుముకి తగులుతుంది, నిప్పుకి ఏం కాదు. కానీ నువ్వు కొట్టేది నిప్పులో మునిగిన ఇనుమునే, ఉత్త ఇనుముని కాదు. చిన్నప్పుడు మా తాత దగ్గర తిత్తి ఊదినోణ్ణి, చల్లారిన ఇనుముని కొడితే ఏ వంపూ తిరగదని నాకు తెలుసు. మీ ఫ్రెండ్ రెండో ప్రశ్నకి జవాబు అక్కడుంది, చనిపోయింది ఉత్త మనిషి కాదు.

మీరు లూథరన్ కదా, మీ లూథర్ గారే 1539లో ఇంకా ఘాటుగా అన్నాడు. త్రాసు పోలిక అది. మన కోసం చనిపోయింది దేవుడు కాదు, ఉత్త మనిషి అయితే మనం మునిగిపోయినట్టే, ఆ పళ్ళెంలో దేవుడి చావు ఉంటేనే అది బరువుకి కిందకి దిగి మన పళ్ళెం పైకి లేస్తుంది అని. మీ సంఘం ఒప్పుకోలు పుస్తకంలోనే ఉంది ఈ మాట, అయ్యగారిని అడుగు.

బెజవాడ_అక్క

కొలిమి బ్రదర్, బాగా చెప్పారు కానీ నాకు ఒక భయం ఉందండీ. తిమోతి పత్రికలో "ఆయన మాత్రమే అమరత్వము గలవాడు" అని స్పష్టంగా ఉంది. దేవుడు చనిపోయాడు అని పీఠం మీద నుంచి అంటే ముసలమ్మలు ఏం అర్థం చేసుకుంటారు? తండ్రి చనిపోయాడు అనుకుంటారు. మా వీధిలో ఒకాయన తండ్రీ కుమారుడూ పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకడే, వేషాలు మార్చుకున్నాడు అని చెప్తూ ఉంటాడు, ఆయనకి దారి ఇచ్చినట్టే కదా ఇది. కుర్రోడు "మనిషి చనిపోయాడు" అనడంలో తప్పేముంది?

కొలిమి_కబుర్లు

అక్కా, మీ భయం సరైనదే. తండ్రే సిలువ ఎక్కాడు అనే బోధ రెండో శతాబ్దం చివర్లోనే రోములో మొదలైంది. అది చెప్పిన ప్రక్సెయస్ అనే ఆయన మీద తెర్తుల్లియన్ అనే అప్పటి క్రైస్తవ రచయిత ఎగతాళిగా ఏం రాశాడంటే ఈయన రోములో సాతాను కోసం రెండు పనులు చేసిపెట్టాడు, పరిశుద్ధాత్మని తరిమేశాడు, తండ్రిని సిలువ వేశాడు అని. ఈ రోజుల్లో అయితే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పేవాళ్ళు. అందుకే "దేవుడు చనిపోయాడు" అని ఒక్క ముక్క అని ఆపేయకూడదు, "కుమారుడైన దేవుడు, తన శరీరంలో" అని పూర్తిగా అనాలి. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఖాయం చేసింది కూడా ఇదే, త్రిత్వంలో (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) ఒకడు శరీరమందు సిలువ వేయబడ్డాడు అని. తండ్రి కాదు, ఆత్మ కాదు, ఒకడు.

కానీ "మనిషి చనిపోయాడు" అని వదిలేస్తే ఇద్దరు యేసులు తయారవుతారక్కా, ఏడ్చేవాడు ఒకడు, చనిపోయిన లాజరుని లేపేవాడు ఇంకొకడు. కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్తోరియస్ మీద పడిన నింద అదే. మరియమ్మని దేవుని తల్లి అనొద్దు, క్రీస్తు తల్లి అనండి అన్నాడు, 431లో ఎఫెసు సభలో పదవి పోయింది. ఆయన నిజంగా అంత దూరం వెళ్ళాడా అన్నది వేరే చర్చ, నన్నడిగితే సిరిల్ గారికి రాజకీయం కూడా బాగానే వచ్చు.

ఆ మూడు రోజులు లోకాన్ని ఎవరు నడిపారు అన్నదానికి కూడా చెప్తా. చావు అంటే లేకుండా పోవడం కాదు, ఆత్మ శరీరం విడిపోవడం. ఆయన శరీరం సమాధిలో ఉంది, ఆత్మ విడిపోయింది, దైవత్వం రెండిటినీ వదల్లేదు అని ఎనిమిదో శతాబ్దంలో డమస్కు యోహాను రాశాడు. బేత్లెహేములో పశువుల తొట్టిలో పడుకున్నప్పుడు కూడా లోకం నడిచింది కదా, ఆ పద్దెనిమిది అంగుళాల పసివాడిలోనే వాక్యం (అంటే కుమారుడైన దేవుడు) మొత్తం ఇరుక్కుపోయి బయట ఏం లేకుండా అయిపోలేదు.

కొట్టాయం_రూమ్మేట్

నేను తెలుగోణ్ణే, బెంగళూరులో ఉంటా, రూమ్మేట్ది కొట్టాయం, మలంకర ఆర్థోడాక్స్ (కేరళలో ఒక పాత క్రైస్తవ సంఘం) వాళ్ళు. ఒకసారి వాళ్ళ ఆరాధనకి తీసుకెళ్ళాడు. "దేవా నీవు పరిశుద్ధుడవు, శక్తిమంతుడవు పరిశుద్ధుడవు, అమరుడవు పరిశుద్ధుడవు" అని పాడి ఆ వెంటనే "మా కోసం సిలువ వేయబడినవాడా, కరుణించు" అంటారు. అమరుడివి అని అదే ఊపిరిలో సిలువ వేయబడినవాడా అంటారన్నమాట! అక్క అడిగిన డౌటంతా ఆ రెండు లైన్ల మధ్యలో ఉంది. ఆ సిలువ ముక్కని అయిదో శతాబ్దంలో అంతియొకయలో పేతురు అనే పాట్రియార్కు (పెద్ద బిషప్) చేర్పించాడంట. అంతియొకయ వైపు ఆ పాట క్రీస్తుకే పాడేవాళ్ళు కాబట్టి ఇబ్బంది లేదు, కాన్‌స్టాంటినోపుల్‌లో మాత్రం అదే పాటని త్రిత్వానికి పాడేవాళ్ళు, దాంతో అక్కడివాళ్ళకి త్రిత్వం మొత్తాన్ని సిలువ వేసినట్టు వినపడింది, 512లో ఆ ఒక్క ముక్క కోసం ఊళ్ళో అల్లర్లు జరిగాయి, చక్రవర్తి అనస్తాసియస్ సింహాసనం ఊగిపోయింది. పాటలో ఒక్క లైన్ కోసం!

ఈ ఆర్థోడాక్స్ వాళ్ళు కల్సెదోను ఒప్పుకోరు, రెండు స్వభావాలు అంటే మళ్ళీ ఇద్దర్ని చేస్తున్నారని వాళ్ళ అభ్యంతరం. విచిత్రం ఏంటంటే అదే కేరళలో త్రిస్సూరులో, నెస్తోరియన్లు అని పేరు పడ్డ తూర్పు సంఘం వాళ్ళు కూడా ఉన్నారు, బస్సులో వెళ్ళొచ్చే దూరంలో రెండు చివర్లూ. 1994లో పోపు రెండో జాన్ పాల్, ఆ తూర్పు సంఘం పాట్రియార్కు నాలుగో మార్ దిన్ఖా కలిసి మనం నమ్మే క్రీస్తు ఒక్కడే అని సంతకాలు పెట్టారు. పదిహేను వందల ఏళ్ళు పట్టింది.

పోతన_వీరాభిమాని

నేను క్రిస్టియన్ని కాదు, అనుకోకుండా ఇటొచ్చి చదువుతూ కూర్చున్నా. మీ ఫ్రెండ్ ఎందుకు అడిగాడో నాకు అర్థమైంది. మా ఇళ్ళలో కృష్ణుడు చనిపోయాడు అని ఎవరూ అనరు, అవతారం చాలించాడు అంటాం. బోయవాడి బాణం తగిలింది, కానీ అది నెపం మాత్రమే, వచ్చిన పని అయిపోయింది వెళ్ళాడు. అందుకే మీరు చచ్చిపోయాడు అంటే మాకు చెవికి కొట్టినట్టు ఉంటుంది. మీరూ అవతారం చాలించాడు అనొచ్చుగా, గొడవ ఉండదు?

కొలిమి_కబుర్లు

అయ్యా, మంచి మాట అడిగారు. మేం అలా అనలేం, ఎందుకంటే మా నమ్మకం ప్రకారం ఆయన ఆ శరీరాన్ని చాలించలేదు. తిరిగి లేచాక కూడా మేకుల గుర్తులు ఉన్నాయి, శిష్యుడు తోమాని వేలు పెట్టి చూడమన్నాడు. ఒకసారి మనిషైనవాడు ఇప్పటికీ మనిషే. ఒంటి మీద చొక్కాలా వేసుకుని తీసేసినట్టయితే ఆ దెబ్బలు చొక్కాకే తగిలినట్టు. మొదటి శతాబ్దాల్లో అలా చెప్పినవాళ్ళు ఉన్నారు, యేసుకి నిజంగా నొప్పి పుట్టలేదు, పుట్టినట్టు కనపడింది అంతే అని. సింహాల పాలు కావడానికి రోముకి గొలుసులతో తీసుకుపోతున్న అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ దారిలో రాసిన ఉత్తరంలో వాళ్ళకి ఇచ్చిన జవాబు ఏంటంటే, ఆయన బాధ ఉత్త కనపడటమే అయితే మరి నాకు ఈ సంకెళ్ళు ఎందుకు అని.

నర్సాపురం_టీచర్

బాబూ గుంటూరు, అందరూ సభల దగ్గరే ఆగిపోయారు, నీ వాక్యం ఎవరూ ముట్టుకోలేదు. నాలుగో మాట అనగానే మన దగ్గర ప్రతి ఏడూ ఒకటే చెప్తారు, తండ్రి ముఖం తిప్పుకున్నాడు, పాపాన్ని చూడలేకపోయాడు అని. అది సువార్తలో లేదు. యేసు ఎత్తుకున్నది 22వ కీర్తన మొదటి వచనం, కాకపోతే మన తెలుగు బైబిల్లో అక్కడ "నన్నేల విడనాడితివి" అని ఉంటుంది, మత్తయిలో "చెయ్యి విడిచితివి" అని ఉంటుంది, అందుకే మనవాళ్ళకి రెండూ ఒకటే అని తట్టదు. ఆ కీర్తన 24వ వచనం దాకా చదువు, "అతనికి తన ముఖము దాచలేదు" అని ఉంది! అలాగని ఊరికే కీర్తన వల్లించాడు, బాధేం లేదు అని కూడా చెప్పకు, బిగ్గరగా కేక వేశాడు అని రాసి ఉంది. విడిచిపెట్టినట్టు అనిపించడం నిజమే, అది మనిషిగా చిట్టచివరి దాకా వెళ్ళడం. త్రిత్వం ముక్కలైందని మాత్రం అనకు, ఏడో మాటలో మళ్ళీ "తండ్రీ, నీ చేతికి" అనే కదా అన్నాడు. నాలుగులో చెయ్యి విడిచావు, ఏడులో నీ చేతికి. తెలుగులో ఆ చెయ్యి అనే మాట రెండు చోట్లా పడింది, నేనైతే దాన్నే పట్టుకుంటా.

మూడుగంటల_ఎండ

ఇవన్నీ చెప్తే సంఘం నిద్రపోద్ది బ్రో, అదీ మిట్టమధ్యాహ్నం, ఉపవాసం మీద. కల్సెదోను అన్నావో అయిపోయావ్.

గుంటూరు_కుర్రోడు

అన్నా, అక్కా, టీచర్ గారూ, అందరికీ థాంక్స్. కల్సెదోను చెప్పనులెండి 😅 కొలిమి అన్న కాలిన ఇనుము, టీచర్ గారి చెయ్యి, ఈ రెండే తీసుకుంటున్నా. ఏడో మాట చెప్పేది మా గ్రూపులో కొట్లాడిన అక్కే, నాలుగో మాటలో చెయ్యి దగ్గర నేను ఆపుతా అక్కడ్నుంచి నువ్వు ఎత్తుకో అని ఫోన్ చేస్తే "ముందు దేవుడు చావడని ఒప్పుకో" అంది. ఒప్పుకోలేదు. "ఎవరు, దేనిలో" అని కొలిమి అన్న చెప్పిన రెండు ప్రశ్నలు పంపించా, బ్లూ టిక్ పడింది, ఇంకా రిప్లై లేదు. మా ఆఫీసు ఫ్రెండ్ మాత్రం శుక్రవారం సెలవే కదా, వెనక బెంచీలో కూర్చుని వింటా అన్నాడు.