స్ఫటికం సరే, దానికి క్రియ ఏది?

అందరికీ నమస్కారం. మా తమ్ముడి కూతురు ఇక్కడే హైదరాబాద్‌లో కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి స్కూలు పిల్లలు వాళ్ల ల్యాబ్ చూడటానికి వస్తారట. తెలుగులో ఒక పోస్టరు పెట్టాలట. "అత్తా, నువ్వు అనువాదాలు చేస్తావుగా, నాలుగు వాక్యాలు రాసివ్వు" అంది. యురేనియం ఉన్న సమ్మేళనాలు తయారుచేయడం, వాటి క్రిస్టల్‌లో ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో తేల్చడం తన పని. నేను నిఘంటువులు ముందేసుకుని ఇలా రాసిచ్చాను:

"యురేనియమును కలిగియున్న అకర్బన సమ్మేళనముల సంశ్లేషణ మరియు స్ఫటిక నిర్మాణ నిర్ధారణ. జలోష్ణ పద్ధతి ద్వారా స్ఫటికీకరణము గావించబడినది."

చదివి పడీపడీ నవ్వింది. "ఇందులో నాకు తెలిసిన మాట యురేనియం ఒక్కటే అత్తా" అంది. ఉక్రోషం వచ్చిన మాట నిజమే. కానీ మళ్లీ చదువుకుంటే నాకూ నవ్వొచ్చింది. "గావించబడినది" అన్నది నేనేనా అనిపించింది.

నా ప్రశ్న స్ఫటికం గురించి కాదు. ఆ మాట పిల్లలకు పుస్తకాల్లో తెలిసిందే. సంస్కృతంలో స్ఫటికం అంటే మొదట పలుగురాయిలో తెల్లగా, పారదర్శకంగా ఉండే రకం, స్ఫటిక లింగాలు, మాలలు చేసే రాయి. ఇంగ్లీషు క్రిస్టల్ చరిత్రా ఇలాంటిదే. గ్రీకులో మంచుగడ్డకు ఉన్న పేరు ఆ రాయికి వచ్చి, తర్వాత అన్నిటికీ పాకింది. మన నోట్లో 'స్ఫ' నిలవదు కాబట్టి, స్థానం తానం అయినట్టు, స్ఫటికం పటిక అయింది. నీళ్లు తేర్చడానికి వేసే పటిక అదే, పటికబెల్లంలో పటికా అదే. పాతబస్తీలో ఫిట్కరీ అనేదీ ఆ ఇంటి పిల్లే.

నామవాచకం ఇలా వంటింటిదాకా వచ్చింది. క్రియ మాత్రం రాలేదు. ల్యాబ్‌లో వీళ్లు "క్రిస్టల్స్ వచ్చాయి", "క్రిస్టల్స్ గ్రో చేశాను" అంటారు. పుస్తకంలో "స్ఫటికీకరణం చెందినవి". ఈ రెండింటి మధ్య తెలుగు మాట లేదా? నాకు తోచినవి రెండు. నెయ్యి పూస కడుతుంది. చక్కెర పాకం పలుకు కడుతుంది. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఇంకేమంటారో చెప్పండి.

మౌలాలి నుంచి ఒక పెద్దాయన

అమ్మా, నేను న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1971లో మొదలైన అణు ఇంధన సంస్థ అది, అక్కడ మాకు ఇంత తెలుగు అవసరం పడలేదు. జార్ఖండ్‌లోని జాదుగూడ గనుల నుంచి వచ్చే పచ్చటి యురేనియం సరుకును అందరూ ఎల్లో కేక్ అనేవాళ్లు, మేమూ అదే. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, శుద్ధి చేసి, అమ్మోనియా కలిపితే అమ్మోనియం డైయురేనేట్ దిగుతుంది. దాన్ని కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరణం చేస్తే, అంటే ఆక్సిజన్ కొంత లాగేస్తే, యురేనియం డయాక్సైడ్ పొడి. ఆ పొడిని గుళికలుగా నొక్కి, సుమారు 1700 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు.

చెప్పొచ్చేదేమిటంటే, అమ్మోనియా పోయగానే దిగే దాన్ని పలుకు కట్టింది అనకూడదు. అది అడుగున పేరుకునే మడ్డి, అవక్షేపం. తొందరగా దిగితే మెత్తటి పొడి, నిదానంగా దిగితే పలుకు. మీ నెయ్యి పోలిక సరైనదే. వేడివేడి నెయ్యి ఫ్రిజ్‌లో పెడితే పూస కట్టదు, గట్టిపడుతుంది అంతే. గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి పూస.

పోస్టు పెట్టినామె

బాబాయిగారూ, ధన్యవాదాలు. దిగడం, పేరుకోవడం, పలుకు కట్టడం మూడూ వేరని మీరు చెప్పేదాకా తట్టలేదు. మా పిల్లని అడిగితే "కరెక్ట్, నా కష్టమంతా అక్కడే" అంది. యురేనియం సమ్మేళనాల్లో చాలావాటికి నీళ్లలో కరిగే గుణం తక్కువ. మామూలు గిన్నెలో కలిపితే వెంటనే పొడిగా దిగిపోతాయి, పొడి నుంచి పూర్తి నిర్మాణం తేల్చడం కష్టం. అందుకే టెఫ్లాన్ గిన్నెలో నీళ్లతో కలిపి, స్టీలు డబ్బాలో బిగించి, 150 నుంచి 220 డిగ్రీల దాకా వేడిచేసి, రోజుల తరబడి ఉంచి, మెల్లగా చల్లారుస్తారు. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో కరగనివి కరుగుతాయి. నేను దీన్నే "జలోష్ణ పద్ధతి" అని రాశాను. వాళ్లు ఏమంటారో తెలుసా? "కుక్కర్ పెట్టాను" అంటారు!

తార్నాక నుంచి ఒక లెక్చరర్

కుక్కర్ బాగుంది. ఇంకో పద్ధతి ఉంది, అడగండి. నీళ్లు లేకుండా ఉప్పునే కరిగించి అందులో పండించేది. పొటాషియం క్లోరైడ్, సీజియం క్లోరైడ్ లాంటి వాటిని 700, 800 డిగ్రీల్లో కరిగిస్తే నీళ్లలా అవుతాయి. అందులో యురేనియం ఆక్సైడ్, మిగతా సరుకు వేసి, గంటకు కొద్ది డిగ్రీల చొప్పున దించుకుంటూ వస్తారు. ఇంగ్లీషులో ఫ్లక్స్. మన పుస్తకాల్లో ద్రవకారి. నేను క్లాసులో పాకం అంటాను. ఇన్నేళ్లలో ఎవరూ అర్థం కాలేదనలేదు.

పండించేది అని అలవాటుగా రాసేశాను, ఇప్పుడు చూస్తే మీ ప్రశ్నకు జవాబు అదేనేమో. సముద్రం ఒడ్డున ఉప్పు మడుల్లో ఉప్పు "తయారుచేశాం" అనరు, "పండించాం" అంటారు. ఉప్పు రైతు, ఉప్పు పంట. గ్రో చేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పోస్టు పెట్టినామె

మాస్టారూ, ఎగిరి గంతేశాను. మనిషి చేస్తే పండించడం, దానంతటది అయితే పలుకు కట్టడం. ఇంగ్లీషులో రెండిటికీ గ్రో ఒక్కటే.

సికింద్రాబాద్ నుంచి ఒకాయన

చిన్న అభ్యంతరం. పలుకు అంటే మాటా, నూకా, ఉడకని మెతుకూ. "అన్నం పలుకుగా ఉంది" అంటే సరిగా ఉడకలేదని. జీడిపప్పు పలుకు అంటే విరిగిన ముక్క. పలుకులో ఉన్నది చిన్న ముక్క అనే అర్థం, లోపల వరుస అనే అర్థం లేదు. స్ఫటికానికి ప్రాణం ఆ వరుసే కదా? గాజు ముక్కా పలుకే అవుతుంది మరి.

తార్నాక నుంచి లెక్చరర్

న్యాయమే. కానీ స్ఫటికం అన్న మాటలోనూ వరుస లేదు, మెరుపూ స్వచ్ఛతే ఉన్నాయి. ఆ లెక్కన యురేనియం డయాక్సైడ్‌ను స్ఫటికం అనకూడదు, అది నల్లటి సరుకు. లోపల మాత్రం ఎంత వరుసో చూడండి. 5.47 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) గడి, ఘనం మూలల్లోనూ ముఖాల మధ్యలోనూ యురేనియం, ఒక్కో యురేనియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు, ఒక్కో ఆక్సిజన్ చుట్టూ నాలుగు యురేనియాలు. ఫ్లోరైట్ ఖనిజం కట్టుబడి ఇదే. మరోవైపు చౌమహల్లా ప్యాలెస్‌లో అందరూ తలెత్తి చూసే బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లు క్రిస్టల్ కానే కావు. గాజు. లోపల పరమాణువులకు వరుసా వావీ లేదు. యురేనియం కలిపిన పాతకాలపు ఆకుపచ్చ గాజు సామానూ అంతే. అతినీలలోహిత కాంతిలో ఎంత మెరిసినా స్ఫటికం కాదు. కాబట్టి మాటలో అర్థం వెతక్కండి, వాడుక పెట్టిన అర్థమే అర్థం.

కడప నుంచి ఒకరు

అక్కా, మీ వాక్యంలో నాకు గుచ్చుకున్నది అకర్బన. మా జిల్లాలో తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది డోలమైటు అనే సున్నపురాయి లాంటి రాతిలో. ఆమ్లం పోస్తే ఆ రాయే ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ నీళ్లతో లాగుతారు. అప్పుడు నీళ్లలోకి వచ్చేది యురేనిల్ కార్బొనేట్. యురేనిల్ అంటే ఒక యురేనియం, రెండు ఆక్సిజన్ల జట్టు. ఒక్క యురేనియానికి మూడు కార్బొనేట్లు, అంటే మూడు కర్బన పరమాణువులు. అయినా అది "అకర్బన" సమ్మేళనమే! పిల్లలు అడిగితే ఏం చెప్తారు?

పాత పుస్తకాల్లో నిరింద్రియ రసాయన శాస్త్రం అని ఉండేది. ఇంగ్లీషులో ఆర్గన్ (organ) అంటే ఇంద్రియం, కాబట్టి ఆర్గానిక్ సేంద్రియం, కానిది నిరింద్రియం. సేంద్రియ ఎరువు ఇప్పటికీ బతికే ఉంది, నిరింద్రియాన్నే చంపేశాం.

పోస్టు పెట్టినామె

తమ్ముడూ, దెబ్బ సరిగ్గా తగిలింది. కర్బనం అన్న మాట తేలిక కాబట్టి తెచ్చారు, కార్బొనేట్ల సంగతి ఆలోచించినట్టు లేరు. అయితే నిరింద్రియం చూస్తే పిల్లలు కళ్లూ ముక్కూ లేనిది అనుకుంటారేమో. పోస్టర్లో ఆ మాటే ఎత్తేస్తాను. "ఖనిజాల్లాంటి సమ్మేళనాలు" అంటాను. ఆటునైట్ ఖనిజం బొమ్మ ఎలాగూ పెడుతోంది. కాల్షియం, యురేనియం, ఫాస్ఫేట్, నీళ్లు కలిసిన పసుపు పచ్చటి రాయి అది.

ఇక కట్టుబడి వర్ణించడం దగ్గర ఆగిపోయాను. నేను రాసింది: "రేఖీయ యురేనిల్ అయాను పంచభుజ ద్విపిరమిడీయ సమన్వయమును ప్రదర్శించును." దీన్ని ఎవరైనా మనుషుల భాషలోకి తెస్తారా?

తార్నాక నుంచి లెక్చరర్

ప్రయత్నిస్తాను. కావడి మోసేవాణ్ని తలచుకోండి. యురేనియం మోసేవాడు, కావడికి రెండు కొసలా రెండు ఆక్సిజన్లు. కావడి బద్ద వంగదు, మూడూ ఒకే గీత మీద ఉంటాయి. ఒక్కో కొసకు దూరం దాదాపు 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, చాలా గట్టి పట్టు. ఆ పట్టులోనే రెండు ఆక్సిజన్ల బలమూ దాదాపుగా ఖర్చైపోతుంది, వాటికి ఇంకొకరితో జట్టు కట్టే ఓపిక ఉండదు. మిగిలింది నడుము. నడుము చుట్టూ నలుగురో, ఐదుగురో, ఆరుగురో చేతులు పట్టుకుంటారు, 2.2 నుంచి 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో. ఐదుగురైతే మీ పంచభుజ ద్విపిరమిడ్. కడప తమ్ముడు చెప్పిన కార్బొనేట్ల దగ్గర ఒక్కోటి రెండు ఆక్సిజన్లు ఇస్తుంది, మూడు రెళ్లు ఆరు.

దీనివల్లే ఒక చిత్రం జరుగుతుంది. పైకీ కిందికీ దారి మూసుకుపోయింది కాబట్టి ఇలాంటి సమ్మేళనాలు ఎక్కువగా పక్కలకే పెరుగుతాయి. పొరలు పొరలుగా, అప్పడాల కట్టలా. ఆటునైట్‌లో ఆ పొరల మధ్యనే కాల్షియం, నీళ్లు ఉంటాయి. పొడి గాలికి పెడితే నీళ్లు కొంత పోయి వేరే ఖనిజంగా మారుతుంది. మన ఏప్రిల్ ఎండల్లో జాగ్రత్తగా దాచుకోమనండి.

మౌలాలి పెద్దాయన

కావడి అద్భుతం మాస్టారూ. ఎన్నో ఏళ్లు దాని మధ్యే తిరిగాను, ఇలా ఎవరూ చెప్పలేదు.

ఉప్పల్ నుంచి ఒకరు

2019లో నల్లమలలో యురేనియం వద్దని అంత గొడవ జరిగితే, మీరు అప్పడాలూ నెయ్యీ అంటున్నారేమిటి?

పోస్టు పెట్టినామె

అన్నా, ఆ మాటా మాట్లాడుకోవాల్సిందే, కాదనను. ఇక్కడ మాత్రం మాటల గురించే. వేరే పోస్టు పెట్టండి, వస్తాను.

మా పిల్ల ఇప్పుడే ఇంకొకటి అడిగింది. అమెరికాలో పీటర్ బర్న్స్ బృందం హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో యురేనిల్ గుంపులను బంతుల్లా కట్టింది. అందులో ఒకదానికి సరిగ్గా అరవై, ఫుట్‌బాల్ మీది అతుకుల అమరిక. ఇంగ్లీషులో కేజ్. నేను పంజరం అన్నాను. "పక్షి లేదుగా అత్తా" అంటోంది.

సికింద్రాబాద్ నుంచి ఒకాయన

బుట్ట అనండి. ఖాళీ బుట్ట బుట్టే.

పోస్టు పెట్టినామె

బుట్టే ఖాయం. ఎక్స్‌రే భాగం తనే రాసుకుంది, ఒక్క అక్షరం మార్చలేదు: "ఎక్స్‌రేలకు కనిపించేవి ఎలక్ట్రాన్లే. యురేనియంలో 92 ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్‌లో ఒక్కటి. గుడిగంట మోగుతుంటే పక్కవాళ్ల గుసగుస వినిపించనట్టు, ఎక్స్‌రేలో హైడ్రోజన్ జాడ దొరకడం కష్టం." ఇది రాసినమ్మాయి నన్ను అనువాదం ఎందుకు అడిగిందో!

చివరికి తేలిన పోస్టరు ఇదీ. పైన పెద్దక్షరాల్లో "యురేనియం స్ఫటికాలు పండించడం". కింద: "యురేనియం ఉన్న పదార్థాలను నీళ్లతో కలిపి కుక్కర్ లాంటి డబ్బాలో బిగించి రోజుల తరబడి వేడిచేస్తాం. మెల్లగా చల్లారుస్తాం. అప్పుడు అది పలుకు కడుతుంది. ఆ పలుకు మీదికి ఎక్స్‌రేలు పంపి, లోపల ఎవరి పక్కన ఎవరున్నారో కనిపెడతాం." వాళ్ల గైడుగారు "స్ఫటికీకరణం" అని బ్రాకెట్లో పెట్టమన్నారట. పెట్టుకోనివ్వండి.

తార్నాక నుంచి లెక్చరర్

బాగుంది. ఈ వారం తన కుక్కర్ ఏమైందో అడిగారా?

పోస్టు పెట్టినామె

అడిగాను మాస్టారూ. నిన్న తెరిచిందట. "పలుకు కట్టలేదత్తా, ముద్దయింది" అంది.