రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ తీశాం, భయం పుట్టడం లేదు: సాయం చేయండి

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

అన్నలకూ అక్కలకూ నమస్తే. మేం నలుగురం తిరుపతిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. ప్రాజెక్టు కింద ఒక థ్రిల్లర్ సినిమా మొదటి రెండు నిమిషాలు టైటిల్స్‌తో సహా తీయాలి. కథంతా అక్కర్లేదు, ఓపెనింగ్ ఒక్కటే. దాంతోపాటు మా పనిని మేమే అంచనా వేసుకుంటూ నాలుగు పేజీల నివేదిక ఇవ్వాలి. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

కథ ఇదీ. బస్టాండు దగ్గర ఒక లాడ్జి (మా పెదనాన్నవాళ్లదే, రాత్రి పది దాటాక తీసుకోమన్నారు). భక్తులు సామాన్లు క్లోక్ రూంలో పెట్టి టోకెన్ తీసుకుంటారు. ఒక సంచి కోసం నాలుగు రోజులైనా ఎవరూ రారు. ఒక రాత్రి ఆ సంచిలోంచి ఫోన్ మోగుతుంది. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు తెరిచి చూస్తే రక్తం అంటిన కత్తి. ఇంతలో మొహానికి నల్లగుడ్డ కట్టుకున్న మనిషి వస్తాడు, కుర్రాడు పరిగెడతాడు, టైటిల్ పడుతుంది. వీటన్నిటికీ ముందు కొండ, గాలిగోపురం షాట్ల మీద వాయిస్ ఓవర్ ఉంది. మొత్తం 2 నిమిషాల 50 సెకన్లు వచ్చింది.

ఫ్రెండ్స్ అందరూ బాగుందన్నారు. మా మేడమ్ మాత్రం "నాకు ఎక్కడా టెన్షన్ రాలేదమ్మా" అన్నారు. ఇంటికొచ్చి మళ్లీ చూస్తే నాకూ రాలేదు. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

ఇంకా చిక్కులున్నాయి. ట్యూబ్‌లైట్ కింద తీసిన షాట్లలో నల్లటి పట్టీలు పాకుతున్నాయి. మాటలు ఫ్యాన్ హోరులో కలిసిపోయాయి. కౌంటర్ దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే, ఎడిట్ చేశాక ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు ఉంది. నివేదికలో ఏం రాయాలో అసలు తెలియడం లేదు. చంద్రగిరి కోటలో ఒక షాట్, ఘాట్ రోడ్డు మీద ఒక డ్రోన్ షాట్ కలిపితే బాగుంటుందా?

జవాబు (ఎడిటర్, సొంతూరు తిరుపతి)

చెల్లెమ్మా, నీ దగ్గర మంచి కథ ఉంది. ఎవరూ తీసుకెళ్లని సంచి, అదీ మన ఊళ్లో! రోజూ వేలమంది తమ సామాను ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టి కొండెక్కే ఊరు మనది. ఇది ఇంకో ఊళ్లో పుట్టే కథ కాదు. అందుకే నువ్వు దాన్ని కత్తితో, నల్లగుడ్డతో ముగించేయడం చూసి బాధేసింది.

సంచి మూసి ఉన్నంతసేపు చూసేవాడి బుర్రలో వంద ఊహలుంటాయి. తెరిచి కత్తి చూపించావు, వందలో తొంభై తొమ్మిది పోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ వాడు ఇదివరకు పదిసార్లు చూసిందే. కాబట్టి మొదటి మాట: సంచి తెరవొద్దు. ఈ రెండు నిమిషాల్లో అస్సలు వద్దు.

రెండోది, ఎవరికి ఏం తెలుసన్న లెక్క. థ్రిల్లర్ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు ఉదాహరణ క్లాసులో వినే ఉంటావు. బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు తెలియకపోతే వాళ్లు మామూలు కబుర్లు చెప్పుకుంటున్నా మనకు ఊపిరాడదు. నీ కట్‌లో కుర్రాడికి తెలిసిందే మనకూ తెలుస్తోంది, అదీ అతనితోపాటే. అందుకే ఉలికిపాటు వస్తోంది తప్ప భయం రావడం లేదు.

నేనైతే ఇలా కడతాను. మొదట పగలు. ఒక పెద్దాయన సంచి ఇచ్చి 47వ నంబరు టోకెన్ తీసుకుంటాడు. అతని మొహం మనకు బాగా కనపడాలి, కౌంటర్‌లో ఉన్నది పగటి డ్యూటీ మనిషి అయి ఉండాలి. తర్వాత రాత్రి, నాలుగో రోజు. రాత్రి డ్యూటీ కుర్రాడు ఒంటరిగా ఉంటాడు. సంచిలో ఫోన్ మోగుతుంది. అతను వెనక్కి తిరిగేలోపు కౌంటర్ మీద టోకెన్ పెట్టిన చప్పుడు. చూస్తే 47. పెట్టినవాడు ఆ పెద్దాయన కాదు. అది మనకు తెలుసు, ఆయన్ని ఎప్పుడూ చూడని కుర్రాడికి తెలియదు. పాపం, ఎవరో ఒకరు వచ్చారులే అని నవ్వుతాడు, సంచి కిందికి దించుతాడు. సంచి ఇద్దరి చేతుల మధ్య ఉండగా మళ్లీ మోగుతుంది. అక్కడ కట్ చేసి టైటిల్ వెయ్యి.

పరుగు లేదు, కత్తి లేదు, నల్లగుడ్డ లేదు. వచ్చినవాడు శుభ్రంగా గుండు చేయించుకుని, గంధం పూసుకుని, మర్యాదగా మాట్లాడే మనిషి. అతన్ని చూసి ఎవరూ భయపడరు, మనం తప్ప.

కొండ షాట్లు, వాయిస్ ఓవర్ తీసెయ్. మన ఊరని చెప్పడానికి ఆ గుండు, గంధం చాలు. పెద్దాయన భాగం 25 సెకన్లు దాటనివ్వకు. కుర్రాడు ఒంటరిగా ఉన్న భాగానికి ఎంత సమయమైనా ఇవ్వు, టైటిల్స్ కూడా అక్కడే పడాలి. పేరు తెరమీద ఉన్నప్పుడు ముఖ్యమైన పని ఏదీ జరగకూడదు, కన్ను ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు.

జవాబు (పదేళ్లు లాడ్జి కౌంటర్‌లో పనిచేసినవాణ్ని)

సినిమా సంగతి నాకు తెలియదు గానీ కౌంటర్ సంగతి తెలుసు. ఎవరూ తీసుకెళ్లని సంచి ఉంటే మేం తెరవం. రిజిస్టర్‌లో రాసిన నంబరుకు ఫోన్ చేస్తాం. మీ కుర్రాడు కూడా అదే చేయాలి. అతను నంబరు నొక్కుతాడు, వెనక అరలో సంచిలోంచి మోత వస్తుంది. ఫోన్ దానంతటదే మోగడం కంటే ఇది నిజంగా ఉంటుంది.

ఇంకొకటి. నాలుగు రోజులంటే స్మార్ట్‌ఫోన్ చార్జింగ్ ఉండదు. చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. పల్లెటూరి పెద్దాయన కాబట్టి కీప్యాడ్ ఫోన్ అనుకోండి, వారమైనా నిలుస్తుంది. మొదట్లో ఆయన ఆ ఫోన్ సంచి పక్కజేబులో పెట్టుకోవడం చూపించండి.

చీమలు కూడా పెట్టండమ్మా. దర్శనం చేసుకుని కిందికొచ్చినవాళ్లు లడ్డూలున్న సంచి మా దగ్గర పెట్టి ఊళ్లోకి వెళ్తారు. రెండోరోజుకే చీమల బారు మొదలవుతుంది. అర కాలు మీదుగా పైకి పాకి ఒకే ఒక్క సంచిలోకి పోతుంటాయి. ఒకసారి అలా చూసి నేను నిజంగానే దిగులుపడ్డాను. దర్శనమైపోయింది, ప్రసాదం చేతికొచ్చింది, ఇక ఇంటికి పోవడమే కదా మిగిలింది, మనిషి ఏమైపోయినట్టు అని.

జవాబు (ఎడిటర్)

పెద్దాయనా, దండం! చెల్లెమ్మా, చీమల షాట్ తప్పకుండా తియ్యి. "నాలుగు రోజుల తర్వాత" అని అక్షరాలు వేయక్కర్లేదు. అరకు కాస్త బెల్లం నీళ్లు రాసి ఒక పూట ముందే వదిలేయండి, వాటంతట అవే వస్తాయి.

జవాబు (వీడియోగ్రాఫర్, రేణిగుంట)

పట్టీల సంగతి నేను చెప్తాను, పెళ్లి మండపాల్లో దీంతోనే ఏళ్ల తరబడి కుస్తీపట్టాను. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల ట్యూబ్‌లైట్ వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మన కంటికి తెలియదు గానీ ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు), 1/60 షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, సెకనులో అన్నో వంతు) మీద ఉంటే లెక్క కుదరక పట్టీలు కనపడతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 చేయండి. వెలుతురు ఎక్కువైతే 1/100. కొన్ని ఫోన్లలో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, దాన్ని 50కి మార్చండి. చవకరకం ఎల్‌ఈడీ బల్బులు కొన్ని ఇంత చేసినా మాట వినవు, ఆ బల్బు మార్చడం ఒక్కటే దారి. ఎక్స్‌పోజర్ (వెలుతురు స్థాయి), ఫోకస్ లాక్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే మనిషి కదిలినప్పుడల్లా వెనక గోడ తెల్లబడి నల్లబడుతుంది.

ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు ఉండడానికి కారణం మీరు గీత దాటారు. కుర్రాడి ముక్కు నుంచి వచ్చినవాడి ముక్కుకు ఒక తాడు కట్టినట్టు ఊహించుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ తాడుకు ఒకే పక్క ఉండాలి. తలుపు వైపు నుంచి తీయడం మొదలుపెడితే సీనంతా తలుపు వైపు నుంచే. నేలమీద సుద్దముక్కతో గీసుకుంటే పొరపాటు జరగదు.

మాటల కోసం ఫ్యాన్, ఫ్రిజ్ రెండూ ఆపేయండి. ఇంకో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కౌంటర్ మీద రిజిస్టర్ వెనక దాచండి. షాట్ మొదట్లో ఒక చప్పట కొడితే ఎడిటింగ్‌లో రెండూ కలపడం తేలిక. అందరూ నోరు మూసుకుని నిలబడి గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డ్ చేసుకోండి, కట్‌ల మధ్య అతుకులు వినపడకుండా అది కప్పుతుంది. ఫోన్ మోతకు రింగ్‌టోన్ వద్దు. సినిమా పాటకైనా, భక్తి పాటకైనా కాపీరైట్ ఉంటుంది. వైబ్రేషన్ పెట్టి, సంచిలో ఫోన్ పక్కన ఖాళీ స్టీలు క్యారేజీ ఉంచండి. ఆ గరగర శబ్దం రాత్రిపూట ఒంటరిగా వినండి, మీకే తెలుస్తుంది.

కోట, డ్రోన్ రెండూ మానేయండి. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, షూటింగుకు ముందే అనుమతి తీసుకోవాలి. తిరుమలలో డ్రోన్‌కు నిషేధం ఉంది, ఆ ప్రయత్నమే చేయొద్దు. బయట లాడ్జి షాట్ ఒక్కటి కావాలంటే సూర్యాస్తమయం తర్వాత ఇరవై నిమిషాల్లోపు తీసేయండి. ఆకాశం ముదురు నీలంగా ఉండి, లోపల లైట్లు వెలుగుతూ కనపడతాయి. పూర్తిగా చీకటి పడ్డాక ఫోన్‌తో తీస్తే చుక్కలు చుక్కలుగా వస్తుంది.

టైటిల్స్ తెలుగులోనే వేయండి. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి, అలాంటప్పుడు పేర్లను వేరేచోట పీఎన్‌జీ బొమ్మలుగా చేసుకుని తెచ్చి పెట్టండి.

జవాబు (మీడియా పాఠాలు చెబుతాను, చిత్తూరు)

నివేదిక గురించి నేను రాస్తానమ్మా. నీకిచ్చినలాంటి పనే ఇంగ్లాండులో ఉండేది. అక్కడి ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు ఏఎస్ స్థాయి (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్‌లో ఏళ్లపాటు ఇదే పని ఇచ్చింది: కొత్త కథాచిత్రానికి టైటిల్స్, ఓపెనింగ్, రెండు నిమిషాలకు మించకుండా. అసలు పనికి ముందు చిన్న అభ్యాసం కూడా చేయించేవారు. ఒక మనిషి తలుపు తీసుకుని వచ్చి, గది దాటి, ఇంకో మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. కానీ ఆ కాస్తలోనే కదలిక కలిసేలా కట్ చేయడం, ఎదురెదురు షాట్లు, గీత దాటకపోవడం మూడూ వచ్చేస్తాయి. మీ రీషూట్‌కు ముందురోజు సాయంత్రం ఇంట్లోనే ఇది చేయండి, గంట చాలు.

వాళ్ల మూల్యాంకనంలో ఏడు ప్రశ్నలుండేవి. ఈ తరహా సినిమాల పద్ధతుల్లో వేటిని పాటించి వేటిని మార్చావు, ఏయే వర్గాల మనుషుల్ని ఎలా చూపించావు, దీన్ని ఎలాంటి సంస్థ విడుదల చేస్తుంది, ప్రేక్షకులెవరు, వాళ్లను ఎలా ఆకట్టుకున్నావు, సాంకేతికంగా ఏం నేర్చుకున్నావు, మొదటి అభ్యాసం నుంచి ఇప్పటికి ఎంత ఎదిగావు. వీటి వెంటే నడిస్తే నీ నాలుగు పేజీలు నిండుతాయి. ప్రేక్షకులెవరంటే "యువత" అని రాసేయకు. 2023 సవరణ తర్వాత మన సెన్సార్ సర్టిఫికెట్లలో యూఏను (పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సినవి) 7, 13, 16 ఏళ్లుగా విడదీశారు. నీ సినిమాకు వాటిలో ఏది వస్తుందో, ఎందుకో రాయి.

రెండో ప్రశ్న, మనుషుల్ని ఎలా చూపించావన్నదాని దగ్గర మాత్రం కాసేపు ఆగు. నీ మొదటి స్క్రిప్టులో ఎవరి భాష ఏమిటి? చాలా సినిమాల్లో మన యాసను విలన్‌కో, నవ్వించేవాడికో ఇస్తూ వచ్చారు. మన పిల్లలు కూడా కెమెరా పెట్టగానే మంచివాడి నోట వేరే జిల్లా తెలుగు పలికిస్తారు, నాకు ఏటా ఇదే బాధ. నీ కౌంటర్ కుర్రాడు "ఏం సామీ, ఇన్నాళ్లకా వచ్చేది" అని మన మాటే మాట్లాడనీ. అదే నీ నివేదికలో ఒక పేజీ అవుతుంది.

ఇక పరీక్ష. ఫ్రెండ్స్‌కు చూపించి బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మీరెవరో తెలియని ఎనిమిది, పదిమందికి ఒక్కొక్కరికి విడిగా చూపించు. ముందు కథ చెప్పొద్దు. వాళ్లు చూస్తుంటే నువ్వు తెర వైపు కాకుండా వాళ్ల మొహం వైపు చూడు. కళ్లు పక్కకు తిరిగిన సెకను రాసుకో. టైటిల్ పడ్డాక రెండే అడుగు: ఇప్పుడేం జరుగుతుంది, ఎవరి గురించి భయమేసింది. వాళ్ల మాటలు వాళ్లవే, దిద్దకుండా రాసుకో. నువ్వు అనుకున్నదానికీ వాళ్లకు అందినదానికీ తేడా ఎక్కడుందో, దానికి ఏ షాట్ కారణమో, ఏం మార్చావో రాస్తే అదే మూల్యాంకనం. పాత కట్ చెరిపేయొద్దు, రెండు కట్‌ల నుంచి అవే షాట్ల బొమ్మలు పక్కపక్కన పెట్టు.

అడిగినవారు (ఎనిమిది రోజుల తర్వాత)

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రెండు రాత్రులు మళ్లీ తీశాం. షట్టర్ మార్చగానే పట్టీలు పోయాయి. చీమలు మాత్రం మొదటి రాత్రి ఒక్కటీ రాలేదు, బెల్లం ఎక్కువ రాసి పొద్దున్నే తీశాం. 1 నిమిషం 56 సెకన్లు వచ్చింది.

బస్టాండులో తొమ్మిదిమందికి చూపించాను. ఆరుగురు సంచి ఇవ్వకూడదని పైకే అనేశారు. ఒకామె "ఇయ్యొద్దు నాయనా" అని ఫోన్ తెరను వేలితో తట్టింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ముగ్గురికి వచ్చినవాడు వేరే మనిషని తెలియలేదు, గుండు చేయించుకున్న పెద్దాయనే అనుకున్నారు. మొదటి సీన్‌లో పెద్దాయనకు జుట్టుంది. రీషూట్‌కు ఆయన ఇక దొరకరు. ఏం చేయను?

జవాబు (ఎడిటర్)

గుండు సలహా ఇచ్చింది నేనే, అది నా పొరపాటు. మొదటి సీన్‌లో జుట్టున్న పెద్దాయనే ఈ నాలుగు రోజుల్లో గుండు చేయించుకుని వచ్చాడని వాళ్లు అనుకుని ఉంటారు. మొహాల మీద ఆధారపడొద్దు. మొదటి సీన్‌లో ఆయన టోకెన్ అందుకునే క్లోజప్ ఉందన్నావు కదా, అందులో చేతికి ఏమైనా ప్రత్యేకంగా ఉందా?

అడిగినవారు

ఉంది అన్నా! ఎడమచేతి ఉంగరపు వేలికి పెద్ద రాగి ఉంగరం ఉంది. వెలుగు బాగా పడింది.

జవాబు (ఎడిటర్)

అయితే ఆ క్లోజప్‌ను మూడు సెకన్లు నిలుపు. రెండో మనిషి టోకెన్ పెట్టే షాట్ ఒక్కటే మళ్లీ తియ్యి, కెమెరా అదే ఎత్తులో ఉండాలి, అతనిదీ ఎడమచెయ్యే, తెరమీద అంతే సైజులో కనపడాలి. వేళ్లు ఖాళీగా ఉండాలి. తీశాక మళ్లీ నలుగురికి, కొత్తవాళ్లకే, చూపించి రాయి.