రాగి తీగ నుంచి ఫైబర్‌కు మారిన ల్యాండ్‌లైన్: ఇంట్లోని మిగతా ఫోన్లు కూడా మోగాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: వనస్థలిపురం నివాసి

వనస్థలిపురంలోని మా తల్లిదండ్రుల ఇంట్లో చాలా ఏళ్లుగా ఉన్న ల్యాండ్‌లైన్‌ను ఈ మధ్యే ఫైబర్ కనెక్షన్‌గా మార్చారు. 040 తో మొదలయ్యే పాత నంబరే కొనసాగింది. బంధువులందరికీ ఆ నంబరు నోటికి వచ్చు కనుక నాన్నగారు దాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. సిబ్బంది ముందు గదిలో గోడకు తెల్లని పెట్టె ఒకటి బిగించి, దాని వెనక ఉన్న సాకెట్‌లో ఒక ఫోను పెట్టి, డయల్ టోన్ వస్తోందని చూపించి వెళ్లారు. ఆ ఫోను చక్కగా పనిచేస్తోంది.

అయితే ఇల్లు కట్టినప్పుడే గోడల లోపలి నుంచి వేయించిన ఫోన్ తీగల మీద నాన్నగారి పడకగదిలో ఒక బటన్ల ఫోను, పై అంతస్తులో చక్రం తిప్పే పాత ఫోను ఉన్నాయి. కనెక్షన్ మారినప్పటి నుంచి ఆ రెండూ మూగబోయాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఫోను మోగిన ప్రతిసారీ ముందు గది దాకా నడవడం ఆమెకు కష్టంగా ఉంది. పాత తీగ ఇప్పటికీ స్తంభం నుంచి మా ఇంటి గోడకు వేలాడుతూనే ఉంది. కొత్త పెట్టె నుంచి ఒక తీగను గోడ సాకెట్‌కు కలిపితే మిగతా ఫోన్లు పనిచేస్తాయా? అలా చేయడంలో ప్రమాదమేమైనా ఉందా?

మరొక ఆందోళన కూడా ఉంది. ఇదివరకు కరెంటు పోయినా ఫోను పనిచేసేది. ఇప్పుడు కరెంటు పోగానే ఫోను కూడా ఆగిపోతోంది. వయసు మళ్లిన ఇద్దరే ఉండే ఇల్లు కనుక ఇది నన్ను బాగా కలవరపెడుతోంది. పై అంతస్తుకు వైఫై సరిగా అందడం లేదన్నది మూడో సమస్య. మంచి రౌటర్ ఒకటి కొని ఈ పెట్టెను తీసేస్తే ఫోను ఏమవుతుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: పాత ఎక్స్ఛేంజి ఉద్యోగి

మీ ఇంటి గోడల్లోని తీగలను నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే కొత్త పెట్టెను గోడ సాకెట్‌కు కలపడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది, దాన్ని మాత్రం ఏ కారణం చేతనూ దాటవేయవద్దని కోరుతున్నాను. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే పాత రాగి జతను ఇంటి లోపలి తీగల నుంచి పూర్తిగా విడదీయాలి.

కారణం చెబుతాను. రాగి లైనులో ఫోనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది; అక్కడి బ్యాటరీలు సుమారు 48 వోల్టుల డీసీని లైనులోకి పంపేవి, గంట మోగవలసినప్పుడు అంతకంటే ఎక్కువ వోల్టుల ఏసీ వచ్చేది. మీ ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోను మాట్లాడేది అందుకే. ఇప్పుడు ఆ డీసీని, గంటను, డయల్ టోన్‌ను మీ గోడ మీది పెట్టే స్వయంగా తయారుచేస్తుంది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. ఎక్స్ఛేంజిలో పాత జతను ఇంకా తెంచకపోయి ఉంటే, పెట్టెను గోడ తీగలకు కలిపిన క్షణాన రెండు వైపుల నుంచీ విద్యుత్తు ఒకే జతలోకి చేరుతుంది, ఆ దెబ్బకు పెట్టెలోని ఫోన్ సాకెట్ కాలిపోవచ్చు. అక్కడ తెంచేసినా సరే, స్తంభం నుంచి వేలాడే ఆ పొడవాటి రాగి తీగ వానాకాలపు పిడుగుల ఉప్పెనను నేరుగా పెట్టెలోకి మోసుకొస్తుంది.

విడదీయడం పెద్ద పనేమీ కాదు. బయటి తీగ ఇంట్లోకి వచ్చే చోట గోడకు చిన్న డబ్బా ఉంటుంది. దాని మూత తీస్తే బయటి నుంచి వచ్చిన రెండు తీగలు, లోపలికి వెళ్లే తీగలు స్క్రూల కింద కలిసి కనిపిస్తాయి. బయటి రెండింటినీ విప్పి, ఒక్కొక్క కొనకూ విడివిడిగా టేపు చుట్టి, మళ్లీ ఎవరూ పొరపాటున కలపకుండా ఒక చీటీ కట్టండి. లైను బతికి ఉంటే గంట మోగే సమయంలో తీగలను తాకినవారికి షాక్ తగులుతుంది కనుక చేతులు తడిగా లేకుండా, కరెంటు పారని పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తోనే చేయించండి. తరువాత పడకగదిలోని ఫోను ఎత్తి వినండి. ఏ శబ్దమూ రాకూడదు. ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటే గోడ సాకెట్ వద్ద డీసీ వోల్టులు సున్నా అని చూపించాలి. అప్పుడు మాత్రమే పెట్టెలోని మొదటి ఫోన్ సాకెట్ నుంచి మామూలు ఫోన్ తీగతో దగ్గరలోని గోడ సాకెట్‌కు కలపండి. ఇంటి తీగలన్నీ ఒకదానితో ఒకటి సమాంతరంగా కలిసే ఉంటాయి కనుక, ఏ ఒక్క సాకెట్‌లోకి కలిపినా డయల్ టోన్ మిగతా అన్నింటికీ చేరుతుంది. ముందు గదిలోని ఫోనుకు కూడా చోటు కావాలంటే రెండు దారుల అడాప్టర్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది. పెట్టెలోని రెండో ఫోన్ సాకెట్‌ను అందుకు వాడబోకండి, చాలాచోట్ల అది రెండో నంబరు తీసుకున్నవారికి మాత్రమే పనిచేస్తుంది.

చక్రం ఫోను విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవాలి. దానికి వచ్చే కాల్స్ మోగుతాయి, మాట్లాడవచ్చు కూడా. కానీ అది నంబరును పల్స్‌ల రూపంలో పంపుతుంది. ఇప్పటి పెట్టెలలో చాలావాటికి బటన్ల స్వరాలు మాత్రమే అర్థమవుతాయి. పైగా అందులోని నిజమైన గంటకు ఎలక్ట్రానిక్ ఫోను కంటే ఎక్కువ శక్తి కావాలి. ఇలాంటి చిన్న పెట్టెలు మూడు నాలుగు ఎలక్ట్రానిక్ ఫోన్ల బరువును మోయగలవు గానీ, పాత గంటల ఫోన్లు కలిస్తే మోత నీరసపడవచ్చు.

నాన్నగారికి రెండు విషయాలు చెప్పండి. నంబరు నొక్కాక కాల్ వెంటనే కదలదు. ఇంకా అంకెలు ఉన్నాయేమోనని పెట్టె కొద్ది సెకన్లు చూస్తుంది. చాలా పెట్టెలలో చివర హ్యాష్ బటన్ నొక్కితే ఆ నిరీక్షణ తప్పుతుంది. ఆయన ఫోనులో ఎప్పుడో దాచుకున్న సెల్‌ఫోన్ నంబర్లు ఉంటే వాటి ముందు సున్నా ఉందో లేదో కూడా చూడండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేసే ప్రతి కాల్‌కూ సున్నా తప్పనిసరి, ఫైబర్ ల్యాండ్‌లైన్‌కూ అదే నియమం.

జవాబు 2: మియాపూర్ ఫ్లాట్ యజమాని

పై జవాబులో చెప్పినదంతా సొంత ఇళ్లకు చక్కగా సరిపోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు ఇది చదివి అలాగే చేయబోతే ఒక జాగ్రత్త అవసరం: మన ఫ్లాట్లలో హాలులోనూ వంటగదిలోనూ కనిపించే ఫోన్ సాకెట్లు చాలావరకు గేటు దగ్గరి వాచ్‌మన్‌తో మాట్లాడే ఇంటర్‌కామ్‌వి. వాటిలోకి ఫైబర్ పెట్టె తీగను కలిపితే ఇంటర్‌కామ్ యంత్రానికీ పెట్టెకూ రెండింటికీ చేటు జరుగుతుంది.

ఇక కరెంటు సంగతి. నా దృష్టిలో మీ మూడు ప్రశ్నలలో ముందుగా తేల్చుకోవలసినది ఇదే. ఫోనుకు ప్రాణం ఆ పెట్టెలో ఉంది కనుక, పెట్టెకు కరెంటు ఆగకుండా చూడటమే ఫోనును కాపాడటం. పెట్టెకు వచ్చే అడాప్టర్ మీద సాధారణంగా 12 వోల్టులు అని, 1 ఆంపియర్ గానీ, 1.5 గానీ, 2 గానీ ఉంటుంది. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు ఇచ్చే మినీ యూపీఎస్‌ను (కరెంటు పోయినా పెట్టెను నడిపే చిన్న బ్యాటరీ పరికరాన్ని) కోఠి గుజరాతీ గల్లీలో గానీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ అడిగితే చూపిస్తారు. పిన్ను సైజు సరిపోతుందో లేదో చూసుకోవడానికి పాత అడాప్టర్‌ను వెంట తీసుకువెళ్లండి.

దాని మీద రాసిన ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) అంకెను చూసి మాత్రం మోసపోవద్దు. 8,800 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్కన చెప్పేది. అంటే దాదాపు 32 వాట్ అవర్లు. పెట్టె 10 వాట్లు తీసుకుంటే, 12 వోల్టులకు పెంచడంలో పోయే నష్టాన్ని తీసేశాక, రెండున్నర గంటలు నడుస్తుందని అనుకోవచ్చు. సెల్ పాతబడేకొద్దీ అది తగ్గుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు పెట్టెను ఇన్వర్టర్ లైను ఉన్న పాయింటుకే పెట్టించాలి. అయినా మెయిన్ నుంచి ఇన్వర్టర్‌కు మారే ఆ రెప్పపాటులో కొన్ని పెట్టెలు రీస్టార్ట్ అవుతాయి, ఫోను మళ్లీ నమోదై డయల్ టోన్ ఇవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలలోనే అవసరం పడవచ్చు కదా. అందుకే ఇన్వర్టర్ పాయింటు మీదే మినీ యూపీఎస్ కూడా పెట్టడం మేలు.

వీధిలో కరెంటు పోతే మన ఇంట్లో బ్యాకప్ ఉండి ఏం లాభమని కొందరు అడుగుతారు. ఎక్స్ఛేంజి నుంచి మన ఇంటి దాకా వచ్చే ఫైబర్ మార్గంలో వెలుతురును పంచే స్ప్లిటర్లకు కరెంటే అక్కరలేదు. ఎక్స్ఛేంజికి బ్యాటరీలు, జనరేటర్ ఉంటాయి. కాబట్టి అసలైన ఫైబర్ కనెక్షన్‌కు లాభం ఉంది. అపార్ట్‌మెంట్ కింద నెట్‌వర్క్ స్విచ్ (ఒక కనెక్షన్‌ను అన్ని ఫ్లాట్లకూ పంచే పెట్టె) పెట్టి, అక్కడి నుంచి మామూలు నెట్‌వర్క్ తీగతో ఫ్లాట్లకు ఇచ్చే కనెక్షన్లయితే ఆ స్విచ్‌కు కూడా బ్యాకప్ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

జవాబు 3: నెట్‌వర్క్ పని చేసే వ్యక్తి

మంచి రౌటర్ కొనుక్కోండి, కానీ కంపెనీ ఇచ్చిన పెట్టెను మాత్రం తీయవద్దు. మీ 040 నంబరు నమోదు వివరాలు, అంటే సిప్ అనే పద్ధతిలో వాడే యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఆ పెట్టెలోనే ఉంటాయి. వాటిని సాధారణంగా వినియోగదారుడికి ఇవ్వరు. మాటలు వెళ్లే దారిని కూడా చాలా కంపెనీలు ఇంటర్నెట్ దారి నుంచి వేరుచేసి పెడతాయి. బజారులో కొన్న రౌటర్‌లో ఫోన్ సాకెట్ ఉండదు, ఉన్నా మీ నంబరు అందులో పలకదు.

పై అంతస్తుకు వైఫై కావాలంటే సులువైన, నమ్మకమైన మార్గం ఇది. కంపెనీ పెట్టెలోని నెట్‌వర్క్ సాకెట్ నుంచి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ తీగను పైకి తీయించండి; 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. కొత్త రౌటర్‌లో ఆ తీగను వ్యాన్ (బయటి ఇంటర్నెట్ కోసం ఉండే) సాకెట్‌లో కాకుండా ల్యాన్ (ఇంట్లోని పరికరాల కోసం ఉండే) సాకెట్లలో ఒకదానిలో పెట్టి, దాని డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పనిని ఆపివేసి, దాని సొంత చిరునామాను పెట్టె చిరునామాతో కలవకుండా మార్చండి. పెట్టెది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఇంట్లో ఎక్కడ తిరిగినా సెల్‌ఫోన్ దానంతట అదే దగ్గరి దాన్ని పట్టుకుంటుంది. వైఫై వాడే రెండు తరంగ శ్రేణులలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో, ఒకదానికొకటి అడ్డు రాకుండా, ఒకదానికి 1వ ఛానల్, మరొకదానికి 6 గానీ 11 గానీ ఇవ్వండి. రెండోదైన 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే అయినా కాంక్రీటు శ్లాబును దాటడంలో బలహీనం, మీ ఇంట్లో పై అంతస్తుకు అందకపోవడానికి బహుశా అదే కారణం.

మీ అమ్మగారి ఇబ్బందికి తీగల జోలికి పోని మార్గం కూడా ఉంది. రెండు మూడు హ్యాండ్‌సెట్లు ఉన్న కార్డ్‌లెస్ ఫోను తీసుకుని దాని బేస్‌ను పెట్టె సాకెట్‌లో పెడితే, ఒకటి పడకగదిలో, ఒకటి పైన ఉంచుకోవచ్చు. బేస్‌కు కూడా కరెంటు కావాలి కనుక దాన్ని కూడా బ్యాకప్ ఉన్న పాయింటులోనే పెట్టాలి.

పెట్టె వెనక సూది దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. నెట్ నెమ్మదించినప్పుడు దాన్ని నొక్కమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు, ఆ రంధ్రంలో నొక్కడం వేరు: అలా నొక్కితే పెట్టెలోని అమరికలన్నీ చెరిగిపోతాయి, కొన్ని పెట్టెలలో ఫోన్ వివరాలు కూడా పోయి సిబ్బంది వచ్చేదాకా నంబరు మూగబోతుంది. అలాగే ఆకుపచ్చ కొన ఉన్న ఫైబర్ తీగను దుమ్ము దులపడానికి బయటికి లాగవద్దు. ఆ కొనను 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంచుతారు, వేలి జిడ్డు తగిలినా వెలుతురు తగ్గుతుంది. పెట్టె మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు అందడం లేదని అర్థం. తీగ ఎక్కడైనా బల్ల కిందో తలుపు సందులోనో గట్టిగా మడత పడిందేమో చూసి, అది సరిగానే ఉంటే కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఎరుపు లేకుండా ఫోన్ దీపం ఒక్కటే ఆరిపోయి ఉంటే ఫైబర్ బాగుంది, నంబరు నమోదు కాలేదు అని అర్థం. ఫిర్యాదులో ఈ తేడా స్పష్టంగా చెబితే సరైన వ్యక్తి వస్తాడు.

ప్రశ్న అడిగినవారు: వనస్థలిపురం నివాసి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఎలక్ట్రీషియన్ సాయంతో బయటి జతను విడదీయించాము. విప్పిన ఆ బయటి తీగల మీద మల్టీమీటర్ ఇంకా వోల్టులు చూపించింది, అంటే పాత లైను బతికే ఉందన్నమాట. తరువాత గోడ సాకెట్‌కు కలపగానే పడకగది ఫోను మోగింది, మాట్లాడగలుగుతున్నాము. పై అంతస్తు ఫోను మోగుతోంది కానీ, చెప్పినట్లే నంబరు తిప్పితే వెళ్లడం లేదు. అక్కడికి బటన్ల ఫోను పెడుతున్నాము. చివరగా ఒక సందేహం. పైన సెల్ సిగ్నల్ కూడా తక్కువే. సెల్‌ఫోన్‌లో వైఫై కాలింగ్ పెట్టుకుంటే అది ల్యాండ్‌లైన్‌కు అడ్డు వస్తుందా, లేక ల్యాండ్‌లైన్ కాల్స్ కూడా అందులోకి వస్తాయా?

జవాబు 4: నెట్‌వర్క్ పని చేసే వ్యక్తి

రెండూ జరగవు. వైఫై కాలింగ్ అన్నది మీ సిమ్ కార్డు నంబరుకు వచ్చే కాల్‌ను టవర్ బదులు ఇంటి ఇంటర్నెట్ మీదుగా తెచ్చే ఏర్పాటు. 040 నంబరుతో దానికి సంబంధం లేదు. ఒక కాల్‌కు రెండు వైపులా కలిపి సెకనుకు 200 కిలోబిట్లు కూడా పట్టవు కనుక, ల్యాండ్‌లైన్‌లో ఒకరు, సెల్‌లో ఒకరు మాట్లాడుతున్నా మామూలు ఫైబర్ ప్లాన్‌కు భారం తెలియదు. కంపెనీ పెట్టెలో ఫైర్‌వాల్ (రాకపోకలను అడ్డుకునే కాపలా) అమరికలను ఎవరైనా బిగించి ఉంటే మాత్రం యూడీపీ 500, 4500 అనే పోర్టులు (ఇంటర్నెట్ రాకపోకల ద్వారాలు) మూయకుండా చూసుకోండి. వైఫై కాలింగ్ ఆ దారినే వెళుతుంది.

అయితే మీ తల్లిదండ్రుల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. ల్యాండ్‌లైన్, వైఫై కాలింగ్ రెండూ ఆ ఒక్క పెట్టె మీద, ఆ ఒక్క ఫైబర్ తీగ మీద ఆధారపడతాయి. వీధిలో తవ్వకాల్లో ఫైబర్ తెగితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి, అప్పుడు మినీ యూపీఎస్ కూడా ఏమీ చేయలేదు. కాబట్టి ఇంట్లో ఏ చోట సెల్ సిగ్నల్ బాగా అందుతుందో ముందే చూసి, ఛార్జింగ్ నిండుగా ఉన్న ఒక సెల్‌ఫోన్‌ను ఎప్పుడూ అక్కడే ఉంచండి. ఒక సాయంత్రం వైఫైని ఆపి, ఆ చోటు నుంచి మీకు కాల్ చేయమని అమ్మగారికి చెప్పి, కలుస్తోందో లేదో మీరే సరిచూసుకోండి.